పద్నాలుగో రోజు లెక్క ఎక్కడిది?

ఉమ్మడి కడప జిల్లాలో, ముఖ్యంగా రాజంపేట, రాయచోటి వైపు, భర్త కువైట్‌లో ఉన్న ఇళ్లు చాలా. సెలవు మీద వచ్చిన నాలుగు వారాల్లో కడుపు పండాలంటే రోజుల లెక్క కావాలి. ఎవరినడిగినా చెప్పే లెక్క ఒకటే: ముట్టయిన పద్నాలుగో రోజు.

అది సగం నిజం. 1924లో జపాన్ వైద్యుడు క్యుసాకు ఒగినో చెప్పింది, అండం తర్వాతి నెలసరికి 12 నుంచి 16 రోజుల ముందు విడుదలవుతుందని. వెనక నుంచి పెట్టాల్సిన లెక్క జనంలోకి వచ్చేసరికి ముందు నుంచి లెక్కైపోయింది. 28 రోజులకు ఠంచనుగా వచ్చేవాళ్లకు రెండూ ఒకటే. 35 రోజులకోసారి వచ్చే ఆమెకు మాత్రం అండం 21వ రోజు ప్రాంతంలో గానీ రాదు.

జనాభా అదుపు కోసం మన సర్కారూ ఈ క్యాలెండర్‌నే నమ్మింది. 1951లో ఆరోగ్య మంత్రి రాజకుమారి అమృత్ కౌర్ ఆహ్వానం మీద అమెరికా వైద్యుడు అబ్రహాం స్టోన్ వచ్చాడు. తర్వాత ఢిల్లీలోనూ, బెంగళూరు పక్కన రామనగరంలోనూ ఆడవాళ్లకు, గర్భం వచ్చే రోజులేవో రానివేవో చూపే రంగు పూసల దండలిచ్చి రోజుకో పూస జరపమన్నారు. ఫలితం అంతంతమాత్రం. నింద ఆడవాళ్ల మతిమరుపు మీద వేయడం తేలిక. నెలసరి అటూఇటూ అయ్యేవాళ్లకు దండ మాత్రం ఏం చెబుతుంది?

గర్భాశయ ముఖద్వారంలో ఊరే జిగురు సంగతి వైద్యులకు అంతకుముందే తెలుసు. 1860లలోనే అమెరికా వైద్యుడు మారియన్ సిమ్స్ దాన్ని మైక్రోస్కోప్ కింద పెట్టి వీర్యకణాలను వెతికాడు. (బానిస స్త్రీల మీద మత్తు లేకుండా ఆపరేషన్లు చేసినవాడూ ఇతనే.) ఆ జిగురులో వచ్చే మార్పును గర్భం నిలిచే రోజులకు గుర్తుగా ఆడవాళ్లే చదువుకునే పద్ధతిగా మార్చే పనిని 1953లో మెల్‌బోర్న్ డాక్టర్ జాన్ బిల్లింగ్స్ మొదలుపెట్టాడు. తర్వాత ఆయన భార్య, డాక్టర్ ఎవలిన్ కూడా చేరింది. 1970ల చివర్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని ఐదు నగరాల్లో పరీక్షించింది. మన అనంతపురానికి దగ్గరి బెంగళూరు అందులో ఒకటి. మొదటి నెలలోనే 93 శాతం మంది గుర్తు పట్టగలిగారు. వాళ్లలో చదువు రానివాళ్లూ ఉన్నారు.

గుర్తు కష్టమైనదేమీ కాదు. ముట్టు ఆగాక కొన్నాళ్లు పొడిగా ఉంటుంది. తర్వాత కాస్త బంకగా, తెల్లగా కనిపిస్తుంది. ఈస్ట్రోజన్ అనే హార్మోన్ పెరిగేకొద్దీ పచ్చి గుడ్డులోని తెల్లసొనలా పలచగా, జారుడుగా, వేళ్ల మధ్య సాగేలా మారుతుంది. ఆ జిగురులో వీర్యకణాలు ఐదు రోజుల దాకా బతకగలవు. అండం ఆయుష్షు ఒక్క రోజే. కాబట్టి అండం విడుదలకు ముందు రోజులే ముఖ్యం. అది విడుదలయ్యాక ప్రొజెస్టెరాన్ అనే మరో హార్మోన్ వల్ల జిగురు చిక్కబడి దారి మూసుకుంటుంది.

చిక్కేమిటంటే, మన దగ్గర కింద తడి కనబడితే దానికి ఒకటే పేరు, తెల్లబట్ట. కర్నూలు ఎండల్లో అయితే మరీ, ‘ఒంట్లో వేడి చేసింది’ అని సబ్జా గింజలు నానబెడతారు, ఎముకలు కరిగిపోతున్నాయని టెన్షన్ పడతారు. సబ్జా నీళ్లతో నష్టం లేదు. కానీ గర్భం నిలిచే రోజులను రోగమనుకుని భర్తను దూరం పెట్టడం నష్టమే.

అలాగని ప్రతి తడీ మంచిదని కాదు. దురద, దుర్వాసన, పెరుగు విరిగినట్టు గడ్డలు, పచ్చటి రంగు ఉంటే ఇన్ఫెక్షన్ కావచ్చు, డాక్టరుకు చూపించాలి. పిల్లలు వద్దనుకుని ఈ ఒక్క గుర్తునే నమ్ముకోవడమూ ప్రమాదమే. బెంగళూరు సహా ఆ ఐదు నగరాల్లోనూ, గుర్తు తెలిసీ ఆ రోజుల్లో ఆగలేకపోయినవాళ్లకే ఎక్కువగా గర్భాలు వచ్చాయి.