ఇంటి లెక్కలో కూలి ఎవరిది?

పేదల ఇళ్ళు కట్టే చోటికి సాయంగా వెళ్ళిన వారికి మొదటి రోజే తెలిసివచ్చే విషయం ఒకటుంది. గోడ కట్టేది తాపీ మేస్త్రి. మిగిలిన వారి పని పునాదిలో మట్టి నింపడం, ఇసుక జల్లించడం, ఇటుకలు అందించడం, కట్టిన గోడకు పూటపూటా నీళ్ళు పట్టడం. లెక్కల్లో దీని పేరు కూలి. పేదవాడి ఇల్లు సగంలో ఆగిందంటే చాలాసార్లు ఆగింది ఇక్కడే.

ఈ పనికి ముందుకు వచ్చిన వారి చరిత్ర నూరేళ్ళు దాటింది. మొదటి ప్రపంచ యుద్ధంలో నేలమట్టమైన ఒక ఫ్రెంచి గ్రామంలో, 1920లో, పియరె సెరెసోల్ అనే స్విట్జర్లాండ్ ఇంజనీరు కొందరితో కలిసి పలుగూ పారా పట్టాడు. 1934 బీహారు భూకంపం తరువాత ఆయనే మన దేశానికి వచ్చి, వరద ముప్పున్న పల్లెలను మెరక మీదికి మార్చి కట్టే పనిలో చేరాడు. మెరక అనే మాట గుర్తుంచుకోవాలి. బెజవాడ కథలో అది మళ్ళీ వస్తుంది.

మన ప్రాంతంలో ఈ సేవకు పెద్ద పిలుపు 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన. పూరిపాకలు ఊళ్ళకు ఊళ్ళే కొట్టుకుపోయాయి. దేశం నలుమూలల నుంచి సేవాసంస్థలు వచ్చాయి. విజయవాడ పటమటలోని నాస్తిక కేంద్రం కార్యకర్తలూ దివిసీమకు వెళ్ళారు, ఆ పని నుంచే 1978లో ఆర్థిక సమతా మండలి అనే సేవాసంస్థ పుట్టింది. ఆ తరువాత కొన్నేళ్ళకే, 1983లో, హాబిటాట్ ఫర్ హ్యుమానిటీ ఖమ్మంలో తన భారతీయ ప్రస్థానం మొదలుపెట్టింది. 1976లో అమెరికాలో ఏర్పడిన ఈ సంస్థ ఇంటిని దానంగా ఇవ్వలేదు. ఇల్లు పొందే కుటుంబం తన చెమట కూడా అందులో కలపాలి, అప్పు వాయిదాల్లో తీర్చాలి. ఆత్మగౌరవం చెడకుండా సాయం చేయడానికి ఇంతకంటే మంచి పద్ధతి నాకు కనబడలేదు.

విజయవాడ పేదలకు తమ ఇల్లు తామే కట్టుకోవడం కొత్త కాదు. రైల్వే పనికీ మార్కెట్ పనికీ వచ్చినవారు కొండవాలుల్లో, కాలువగట్ల మీద గూళ్ళు కట్టుకున్నారు. బ్రిటన్ ఆర్థిక సాయంతో సాగిన మురికివాడల అభివృద్ధి పథకం వారిని కదిలించకుండా మెట్లు, కుళాయిలు, వీధిదీపాలు తెచ్చింది. 2001లో వచ్చిన వాంబే (వాల్మీకి అంబేడ్కర్ ఆవాస్ యోజన అనే కేంద్ర గృహ పథకం), 2005 చివరిలో మొదలైన జవహర్‌లాల్ నెహ్రూ పట్టణ పథకం దారి మార్చాయి. నగరం అంచున ఉన్న జక్కంపూడిలో కాంట్రాక్టర్లు అంతస్తుల భవనాలు లేపారు. తలుపులు, కిటికీలతో ఇల్లు చేతికొచ్చింది, నిజమే. కానీ అందులో ఉండబోయే వారికి కట్టుబడిలో చోటు లేకుండా పోయింది. ఇటుక అందించడానికి వచ్చే విద్యార్థికి అసలే లేదు. పనిచోటుకు దూరమైన కుటుంబాలు ఆటో ఖర్చుల రూపంలో చెల్లించుకున్నది వేరే లెక్క.

2020 డిసెంబరు 25న రాష్ట్రమంతటా ఇళ్ళ పట్టాల పంపిణీ మొదలైంది. పట్టణాల్లో ఒక సెంటు స్థలం, ఇల్లు కట్టుకోవడానికి 1.80 లక్షల రూపాయల సాయం. సొంతంగా కట్టుకోవడం మళ్ళీ వచ్చింది, దానితో పాటే కూలి కొరతా వచ్చింది. పల్లపు లేఅవుట్లలో మెరక చేసి పునాది లేపేసరికే డబ్బు కరిగిపోతుంది. రోజు కూలి మీద బతికే ఇల్లాలు తన ఇంటికి తానే మట్టి మోస్తే, ఆ రోజు పొయ్యి వెలగడం కష్టం. విజయవాడ, గుంటూరు పేదలకు అమరావతిలో ఇచ్చిన స్థలాల్లో నిర్మాణాలనైతే 2023 ఆగస్టులో హైకోర్టు ఆపింది.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ ఇళ్ళలో రోజుల తరబడి నీరు నిలిచింది. మెరక విలువ అప్పుడు నగరమంతటికీ తెలిసింది. 2025 మార్చిలో ప్రభుత్వం సగంలో ఉన్న ఇళ్ళకు అదనపు సాయం ప్రకటించింది. బీసీ, ఎస్సీ కుటుంబాలకు 50 వేలు, ఎస్టీలకు 75 వేలు. 1.80 లక్షలు చాలవని ఒప్పుకున్నట్టే. ఆ డబ్బు సిమెంటుకూ ఇనుముకూ పోగా, మట్టి మోసే చేతులు ఇప్పటికీ కావాలి. నెలకు రెండు ఆదివారాలు ఇవ్వగలిగినవారు పునాది దశలో వెళ్ళడం మంచిది. శ్లాబు పడేనాటికి చుట్టాలూ ఇరుగుపొరుగూ ఎలాగూ వస్తారు.