"మా కాలంలో ఇవన్నీ ఉన్నాయా?": పిల్లల మనసు గురించి అపోహలు, వాస్తవాలు

సైకియాట్రీ ఓపీలో ఇరవై ఏళ్లుగా కూర్చుంటున్నాను. పిల్లల్ని వెంటబెట్టుకొచ్చిన తండ్రులు చాలామంది అడిగే మొదటి ప్రశ్న, "మా కాలంలో ఇవన్నీ ఉన్నాయా డాక్టరు గారూ?" వినడానికి కోపంగా ఉంటుంది కానీ లోపలున్నది భయం. అందుకే ఆ ప్రశ్నతోనే మొదలుపెడతాను. ఇక్కడ చెప్పే పిల్లల్ని ఎవరూ గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను.

అపోహ: మునుపటి పిల్లలు గట్టివాళ్లు. ఇదంతా ఈ పదేళ్లలో వచ్చిందే.

చిత్తూరు దాటి కాస్త ముందుకెళ్తే వేలూరు. అక్కడి క్రిస్టియన్ మెడికల్ కాలేజీ వాళ్లు కణియంబాడి బ్లాకు పల్లెల్లో జరిగే ప్రతి మరణాన్నీ, దాని కారణాన్నీ ఏళ్ల తరబడి నమోదు చేస్తూ వచ్చారు. 1992 నుంచి 2001 వరకు లెక్క తీస్తే, 10 నుంచి 19 ఏళ్ల వయసు ఆడపిల్లల్లో ఏటా లక్షకు 148 మంది, మగపిల్లల్లో 58 మంది ఆత్మహత్యతో చనిపోయారని తేలింది. 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఇది అచ్చయినప్పుడు మేమంతా నివ్వెరపోయాం. అప్పటికి ఆ పల్లెల్లో స్మార్ట్‌ఫోనూ లేదు, ఇన్‌స్టాగ్రామూ లేదు.

మరి మనకెందుకు తెలియలేదు? పాత జిల్లా పేపర్లు తిరగేయండి. "కడుపునొప్పి తాళలేక యువతి ఆత్మహత్య" అనే వార్త ఎన్నిసార్లు కనిపిస్తుందో చూడండి. ఆ కడుపునొప్పి వెనకాల ఇష్టంలేని పెళ్లో, ఇంట్లో దెబ్బలో, వైద్యం అందని డిప్రెషనో ఎన్నిసార్లు ఉండి ఉంటాయో! బతికున్నవాళ్లకు గాలి సోకిందనేవారు, తాయెత్తు కట్టేవారు. బాధ అప్పుడూ ఉంది, దాన్ని పిలిచే పేరు వేరు.

అలాగని ఏమీ మారలేదని కాదు. అమెరికాలో హైస్కూలు పిల్లల్ని రెండేళ్లకోసారి ఒకే ప్రశ్న అడుగుతారు. వరసగా రెండు వారాలకు పైగా దిగులుగా, నిరాశగా ఉన్నామన్నవాళ్లు 2011లో 28 శాతం, 2021లో 42 శాతం. 2023లో కాస్త తగ్గి 40 దగ్గర ఆగింది. కరోనా కాలంలో పలు దేశాల్లో జరిగిన 29 అధ్యయనాలను కలిపి చూస్తే, ప్రతి నలుగురు పిల్లల్లో ఒకరికి డిప్రెషన్ లక్షణాలు, ఐదుగురిలో ఒకరికి ఆందోళన లక్షణాలు కనిపించాయి. మన దేశంలో 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 13-17 ఏళ్ల వాళ్లలో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని చెప్పింది. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో మన రెండు తెలుగు రాష్ట్రాలూ లేవు. మన పిల్లల గురించి మనమే లెక్క తీసుకోకపోవడం నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

అపోహ: డిప్రెషన్ అంటే ఏడుస్తూ మూల కూర్చోవడం. మావాడికి కోపమే తప్ప ఏడుపు లేదు.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్న అపోహ నా లెక్కలో ఇదే.

ఇంటర్ రెండో సంవత్సరం కుర్రాడు. తల్లి చేతిలో బట్టల కొట్టువాళ్లిచ్చిన సంచి, అందులో ఏడాదిన్నర వైద్యం. తలకు స్కానింగ్, కడుపుకు ఎండోస్కోపీ, రెండుసార్లు కళ్లజోడు మార్చిన చీటీలు, గ్యాస్ మాత్రల అట్టలు. అన్నీ నార్మల్. "తలనొప్పి అంటాడండీ, ఏమన్నా అంటే కంచం విసిరికొడతాడు. చిన్నప్పుడు ఇలా ఉండేవాడు కాదు" అంది. ఆ చివరి మాట ఆవిడ పొడిపొడిగా అనేసింది కానీ, నాకు కావలసిన రిపోర్టు అదే.

ఆవిణ్ణి కాసేపు బయట కూర్చోమని, వాణ్ణి క్రికెట్ గురించి అడిగాను. స్కూల్లో వికెట్ కీపరట. "ఇప్పుడు ఆడట్లేదా?" అంటే, "బుద్ధి కావట్లేదు సార్" అన్నాడు. ఆదివారం హాస్టల్లో గ్రౌండుకు వదిలినా మంచం దిగడట. తెల్లవారుజామున మూడింటికే మెలకువ. చదివిన పేజీనే మళ్లీ మళ్లీ చదువుతున్నాడు. ఇవన్నీ చెబుతున్నంతసేపూ చొక్కా చివరి గుండీ తిప్పుతూనే ఉన్నాడు. అది కాస్తా ఊడి చేతికి వచ్చింది.

ఈ వయసులో డిప్రెషన్ చాలాసార్లు దిగులుగా కాక చిరాకుగా, కోపంగా బయటపడుతుంది. ఒంటినొప్పులుగానూ వస్తుంది. ఆ నొప్పి నటన కాదు, నిజంగానే నొప్పి. పక్కింటి పిల్లాడితో పోల్చకండి, ఆరు నెలల కిందటి మీ పిల్లాడితోనే పోల్చండి. నిద్ర, తిండి, స్నేహితులు, ఒకప్పుడు ప్రాణంగా చేసిన పని. వీటిలో రెండు మూడు మారి, రెండు వారాలు దాటినా సర్దుకోకపోతే చూపించండి.

అపోహ: అంతా ఫోన్ వల్లే. లాక్కుంటే సరిపోతుంది.

అమెరికా, బ్రిటన్‌లలో మూడున్నర లక్షల మంది పిల్లల సమాచారాన్ని జల్లెడపట్టి 2019లో వెలువరించిన అధ్యయనంలో, పిల్లల మానసిక స్థితిలో ఉన్న తేడాల్లో స్క్రీన్ల వాడకానికి ముడిపడినది 0.4 శాతమే. సగటు సంగతి అది. ఫోన్ వల్ల నిజంగా దెబ్బతిన్న పిల్లలు కూడా నా దగ్గరికి వస్తారు. ఎక్కువగా నేను చూసే దారి నిద్ర. 13 నుంచి 18 ఏళ్ల వాళ్లకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. యుక్తవయసులో ఒంట్లోని గడియారమే ఆలస్యంగా నడుస్తుంది కాబట్టి రాత్రి పదకొండయినా నిద్ర రాదు. దానికి తోడు చేతిలో రీల్స్, పొద్దున ఐదింటికి స్టడీ అవర్. ఇక నిద్ర ఎక్కడుంది?

ముందు ఫోన్ వచ్చిందా, ముందు దిగులు వచ్చిందా అని ప్రతి ఇంట్లోనూ అడుగుతాను. చాలాసార్లు దిగులే ముందు. ఎవరితోనూ మాట్లాడలేక ఫోన్‌లో తలదాచుకున్న పిల్లాడి దగ్గర ఆ ఫోన్‌ను నేలకేసి కొడితే, వాడికి మిగిలిన ఒక్క కిటికీ మూసినట్టే. రాత్రిళ్లు మాత్రం హాల్లో చార్జింగ్ పెట్టించండి, ఇంటిల్లిపాదివీ, మీది కూడా.

అపోహ: మార్కుల టెన్షన్ ఒక్కటే కారణం.

2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. అదే ఏడాది పరీక్ష తప్పడమే కారణంగా పోలీసు రికార్డుల్లోకి ఎక్కినవి 2,248. ఇంట్లో గొడవలు, జబ్బులు, ప్రేమలో దెబ్బ, అప్పులు, వేధింపులు కలగలిసి ఉంటాయి. రికార్డులో రాసేది ఒక్క కారణమే.

కాలేజీల బాధ్యత దీనితో తీరిపోదు. విశాఖపట్నంలో నీట్‌కు చదువుతున్న ఒక అమ్మాయి మృతి కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది స్పష్టంగా ఉంది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్‌నో సైకాలజిస్టునో సోషల్ వర్కర్‌నో పెట్టాలి, వీలైనంతవరకు ర్యాంకులను బట్టి పిల్లల్ని సెక్షన్లుగా విడగొట్టకూడదు. అడ్మిషన్‌కు వెళ్లినప్పుడు ఫీజు సంగతితో పాటు "మీ కౌన్సెలర్ ఎవరు, ఏ టైములో ఉంటారు?" అని అడగండి. తల్లిదండ్రులు అడగనంత కాలం ఆ గది స్టోర్‌రూమ్‌గానే ఉండిపోతుంది.

అపోహ: మందులు మొదలుపెడితే అలవాటైపోతాయి.

డిప్రెషన్ మందులు మత్తుమందులు కావు. పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. కొద్దిమంది పిల్లల్లో మొదటి వారాల్లో ఆత్మహత్య ఆలోచనలు పెరగవచ్చు కాబట్టి అప్పుడు దగ్గరుండి కనిపెట్టుకోవాలి. సొంతంగా ఆపేయకూడదు. సమస్య తేలికగా ఉంటే కౌన్సెలింగ్‌తోనే సరిపోతుంది.

అపోహ: ఆసుపత్రికి తీసుకెళ్తే పోలీసు కేసవుతుంది.

2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం, ప్రాణం తీసుకోబోయిన మనిషిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టుగానే చూడాలి, శిక్షించకూడదు. ఆసుపత్రివాళ్లు పోలీసులకు సమాచారం ఇవ్వడం వేరు, పిల్లాడికి శిక్ష పడటం వేరు. కేసు భయంతో ఇంట్లోనే దాచిపెట్టి ఆలస్యంగా తెచ్చినవాళ్లను చూశాను. దయచేసి అలా చేయకండి.

అపోహ: చావు మాట ఎత్తితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుంది.

పుట్టదు. దీనిమీద జరిగిన అధ్యయనాలు ఆ మాటే చెబుతున్నాయి. అడిగితే ఎక్కువమంది పిల్లలకు గుండెల మీది బరువు దిగుతుంది. ఎలా అడగాలని తల్లులు అడుగుతారు. వంటింట్లోనో బండి మీదో, ఎదురెదురుగా కూర్చోకుండా, మామూలు గొంతుతో అడగండి: "ఈమధ్య నీకు బతకాలనిపించట్లేదా నాన్నా? చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా?" అవునంటే తిట్టకండి, దేవుడి మీద ఒట్టు వేయించుకోకండి, మీరు ఏడ్చినా ఫర్వాలేదు. ఆ రాత్రి పక్కనే పడుకోండి. పొలానికి తెచ్చిన పురుగుమందు, నానమ్మ బీపీ, షుగర్ మాత్రలు తాళం వేసి పెట్టండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. పొద్దున్నే దగ్గర్లోని ప్రభుత్వ పెద్దాసుపత్రి సైకియాట్రీ ఓపీకి తీసుకురండి.