బిట్ బ్యాంకుతో ఎ అండ్ పి లైసెన్సు రాదు: విమాన మెకానిక్ చదువుపై అపోహలు, వాస్తవాలు

నేను డాలస్ ప్రాంతంలో రాత్రి షిఫ్టులో విమానాల మరమ్మతు పని చేస్తాను. వారానికి రెండు పగళ్లు ఒక కమ్యూనిటీ కాలేజీ ల్యాబులో ఇదే పని నేర్పుతాను. అమెరికాలో విమాన మెకానిక్కుకు ఇచ్చే లైసెన్సునే ఎ అండ్ పి అంటారు: ఎ అంటే ఎయిర్‌ఫ్రేమ్, అంటే విమానం శరీరం; పి అంటే పవర్‌ప్లాంట్, అంటే ఇంజిను. రెండింటికీ ఉమ్మడిగా ఉండే పాఠం జనరల్. ఈ ఊళ్లో తెలుగువారు ఎక్కువ కాబట్టి, ఎవరో ఒకరి ద్వారా నా నంబరు తెలుసుకుని ఫోన్ చేసేవారూ ఎక్కువే. గత నెలలో ఒక కుర్రవాడు చేశాడు. "అన్నా, జనరల్, ఎయిర్‌ఫ్రేమ్, పవర్‌ప్లాంట్ మూడింటికీ బిట్ బ్యాంకు దొరికింది. నెల రోజులు కూర్చుంటే రాసేస్తాను. దీనికోసం రెండేళ్లు కాలేజీకి వెళ్లడం ఎందుకు?" అని అడిగాడు. ఈ మాట నేను ఈ ఏడాది విన్నది మొదటిసారి కాదు. ఆ అబ్బాయికి ఫోన్లో చెప్పినదే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

అపోహ: మూడు రాత పరీక్షలు పాసైతే లైసెన్సు వచ్చినట్టే, కాలేజీ దండగ.

వాస్తవం: ఆ పరీక్షలు రాయడానికే ముందు అర్హత చూపించాలి. అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ అయిన ఎఫ్‌ఏఏ నిబంధనల ప్రకారం అర్హతకు ప్రధానంగా రెండు దారులున్నాయి. పార్ట్ 147 (ఆ నిబంధనల్లో మెకానిక్ పాఠశాలలకు సంబంధించిన భాగం) కింద అనుమతి పొందిన పాఠశాలలో కోర్సు పూర్తి చేయడం ఒకటి. విమానాల మీద నిజంగా పని చేసిన అనుభవం చూపడం రెండోది. ఈ రెండో దారిలో ఒక రేటింగుకు, అంటే ఎయిర్‌ఫ్రేమ్, పవర్‌ప్లాంట్‌లలో ఏదో ఒకదానికి 18 నెలలు, రెండూ కావాలంటే 30 నెలల అనుభవం ఉండాలి. ఆ అనుభవం తాలూకు కాగితాలను ఎఫ్‌ఏఏ ఇన్‌స్పెక్టరు స్వయంగా పరిశీలించి, మనతో మాట్లాడి, సంతృప్తి కలిగితేనే ఫారం మీద సంతకం చేస్తారు. కార్ల షెడ్డులో ఎన్నేళ్లు పని చేసినా, ఫ్యాక్టరీలో ఎంత పెద్ద హోదాలో ఉన్నా, బీటెక్ మెకానికల్‌లో ఎన్ని మార్కులు వచ్చినా, వాటిని విమానం మీద పని చేసినట్టుగా లెక్కించరు.

పది పదిహేను రోజుల్లో పరీక్షలకు సిద్ధం చేసే ప్రెప్ కోర్సులు ఉన్న మాట నిజమే. కానీ అవి అర్హత అప్పటికే చేతిలో ఉన్నవారికి ఉద్దేశించినవి, ముఖ్యంగా సైన్యంలో ఏళ్ల తరబడి విమానాల పని చేసి బయటికి వచ్చినవారికి పనికొస్తాయి. నాకు తెలిసిన ఒకాయన ఈ తేడా తెలియక ముందు ఫీజు కట్టేసి, ఆ తరువాత ఇన్‌స్పెక్టరు దగ్గరికి వెళ్లారు. ఏ విమానం మీద పని చేశారు, ఏ పని చేశారు, దాన్ని ధ్రువీకరిస్తూ సంతకం చేసిందెవరు అని ఆ ఇన్‌స్పెక్టరు మర్యాదగానే మూడు ప్రశ్నలు అడిగారట. ఒక్కదానికీ జవాబు లేక వెనక్కి వచ్చారు. కట్టిన డబ్బు మాత్రం వెనక్కి రాలేదు. ఆయన మోసగాడు కాదు, సోమరి కూడా కాదు. వాట్సాప్‌లో ఎవరో పంపిన మాటను నమ్మి, పిల్లల చదువుకని దాచిన సొమ్ము తీసి కట్టిన మనిషి. ఇలాంటి మాటలు విచారించకుండా పదిమందికీ పంపేవారిని చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది.

సరే, అర్హత వచ్చిందనే అనుకుందాం. జనరల్‌లో 60, మిగతా రెండింటిలో వంద చొప్పున ప్రశ్నలుంటాయి, 70 శాతం వస్తే పాసు. బిట్లు చదివి ఇక్కడిదాకా రావచ్చు, కాదనను. కానీ ఆ తరువాత ఎఫ్‌ఏఏ నియమించిన ఎగ్జామినరు ఎదుట ఓరల్, ప్రాక్టికల్ ఉంటాయి. ఈ పరీక్షలన్నీ 24 నెలల వ్యవధిలో పూర్తి చేయాలి. ఒకటి తప్పితే 30 రోజులు ఆగాలి, లేదా లైసెన్సున్న మెకానిక్కు దగ్గర తప్పిన విషయం మళ్లీ నేర్చుకున్నట్టు రాతపూర్వకంగా తీసుకురావాలి. బిట్ బ్యాంకు బలం తేలిపోయేది ఇక్కడే.

మా ల్యాబులో ఒక విద్యార్థి జనరల్ రాత పరీక్షలో 96 తెచ్చుకున్నాడు. చాలా తెలివైన పిల్లవాడు. బోల్టులు వదులు కాకుండా మెలివేసి కట్టే సేఫ్టీ వైరుకు అంగుళానికి ఎన్ని మెలికలుండాలని అడిగితే, ఆరు నుంచి ఎనిమిది అని క్షణంలో చెప్పాడు. పక్కపక్కనే ఉన్న రెండు బోల్టులకు వైరు వేయమని ప్లయర్లు చేతికిచ్చాను. మెలికలు చక్కగా, లెక్క ప్రకారమే వచ్చాయి. కానీ రెండో బోల్టు తలను వైరు సడలే వైపుకు లాగుతోంది. బోల్టు తిరగబోతే బిగిసే వైపుకు లాగి ఆపడమే ఆ వైరు పని. ఇతను వేసినట్టు వేస్తే, ఆ బోల్టు కంపనానికి వదులైనా వైరు దాన్ని ఆపలేదు. మెలికల లెక్క బిట్లలో ఉంటుంది. లాగే దిశ మాత్రం బోల్టును చేత్తో పట్టుకుని, ఇది ఏ వైపు సడలుతుందని ఆలోచించుకుంటే తప్ప తెలియదు. ఆ వైరు కత్తిరించి మళ్లీ వేయించాను. నాలుగోసారికి కుదిరింది. చివరి కొసను వంచకుండా వదిలేసినందువల్ల ఈలోగా అతని వేలు తెగింది కూడా. కొస ఎందుకు వంచాలో అతనికి నేను వేరే చెప్పనక్కర్లేకపోయింది.

నా సంగతీ చెప్పాలి. మా నాన్నగారిది విజయవాడ ఆటోనగర్‌లో చిన్న షెడ్డు. నట్టు ఎంత బిగించాలో చేతికే తెలుస్తుందని నమ్మే వాతావరణంలో పెరిగాను. కాలేజీలో చేరిన రెండో సెమిస్టరులో, ఇరుకైన చోట ఉన్న ఒక నట్టు బిగించడానికి టార్క్ రెంచికి (ఎంత బలంతో బిగించాలో అంకె పెట్టుకునే రెంచికి) ముందువైపు ఎక్స్‌టెన్షన్ తగిలించి, మాన్యువల్‌లో రాసి ఉన్న అంకెనే రెంచి మీద పెట్టి బిగించాను. ఎక్స్‌టెన్షన్ వల్ల రెంచి పొడవు పెరిగితే అంకె తగ్గించి పెట్టాలి. రెంచి పొడవు పది అంగుళాలు, ఎక్స్‌టెన్షన్ రెండు అంగుళాలు అయితే, నట్టు మీద 300 అంగుళ-పౌండ్లు పడాలంటే రెంచి మీద 250 పెట్టాలి. ఈ లెక్క నాకు రాదా అంటే వచ్చు. అంతకుముందు వారమే కాగితం మీద ఇదే లెక్క తప్పు లేకుండా చేశాను. కానీ ఆ ప్రశ్న నా చేతిలోకి వచ్చినప్పుడు, అది అదే ప్రశ్న అని గుర్తుపట్టలేదు. మా ఇన్‌స్ట్రక్టరు కేకలేయలేదు. నట్టు ఊడదీయించి, దాన్ని బెంచి మీద నా ముందు పెట్టి, "దీనిమీద నిజంగా ఎంత పడిందో లెక్కగట్టు" అన్నారు. 360 అని తేలింది. ఆ నట్టును మళ్లీ వాడనివ్వలేదు.

మన చదువుల్లో పుస్తకం చూడకుండా చెప్పగలిగినవాడు గొప్పవాడు. ఈ వృత్తిలో మాన్యువల్ తెరవకుండా జ్ఞాపకం మీద పని చేయడం తప్పు. తయారీదారు ఇచ్చిన తాజా మాన్యువల్‌లో ఉన్న పద్ధతినో, ఎఫ్‌ఏఏ అంగీకరించే పద్ధతినో అనుసరించాలని నిబంధనే ఉంది. ప్రాక్టికల్‌లో ఎగ్జామినరు గమనించే వాటిలో, సరైన మాన్యువల్‌లో సరైన పేజీ వెతికి పట్టుకోగలమా అన్నది కూడా ఒకటి. 1990 జూన్ 10న బ్రిటిష్ ఎయిర్‌వేస్ 5390 విమానంలో గాలిలో ఉండగానే కాక్‌పిట్ అద్దం ఊడిపోయి, కెప్టెన్ సగం బయటికి లాగబడ్డారు. సిబ్బంది ఆయన కాళ్లు పట్టుకుని విమానం దిగేదాకా ఆపగలిగారు కాబట్టి బతికారు. అద్దం బిగించిన 90 బోల్టుల్లో 84 ఉండవలసిన దానికంటే కొద్దిగా సన్నవి. వెడల్పులో తేడా అంగుళంలో వెయ్యింట 26 వంతులు. పాత బోల్టును పక్కన పెట్టి కంటితో పోల్చి ఎంచుకున్నారే గాని, విడిభాగాల కేటలాగులో నంబరు సరిచూడలేదు. ఆ పని చేసినది కొత్తవారు కాదు, అనుభవం ఉన్న మనిషే.

ఇంకొక నిబంధన సంగతి నాకు ఫోన్ చేసేవారిలో ఎక్కువమందికి తెలియదు. లైసెన్సు చేతిలో ఉన్నా, అంతకుముందు ఎప్పుడూ చేయని పనికి మెకానిక్కు సొంతంగా సంతకం పెట్టి విమానాన్ని ఎగరనివ్వకూడదు. ఆ పని తెలిసిన, తగిన రేటింగున్న మెకానిక్కు పర్యవేక్షణలో ఒకసారి చేసి చూపించాలి. అంటే కాలేజీలో పని నేర్చుకోకుండా ఎలాగోలా కార్డు సంపాదించినవారు కూడా, హ్యాంగరులో మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టవలసిందే. అప్పుడు పక్కన నిలబడి ఓపికగా నేర్పే తీరిక ఎవరికీ ఉండదు, ఎందుకంటే తెల్లవారి ఐదింటికి ఆ విమానం గేటు దగ్గర ఉండాలి.

అపోహ: 2022లో గంటల నిబంధన తీసేశారు కాబట్టి కోర్సు ఆరు నెలల్లో అయిపోతుంది.

వాస్తవం: జనరల్ 400, ఎయిర్‌ఫ్రేమ్ 750, పవర్‌ప్లాంట్ 750, మొత్తం 1900 గంటలు ఉండాలన్న పాత నిబంధన 2022 సెప్టెంబరులో పోయిన మాట నిజమే. కానీ గంటల స్థానంలో, విద్యార్థి ఏమి తెలుసుకోవాలి, చేత్తో ఏమి చేయగలగాలి అనే ప్రమాణాల పట్టిక వచ్చింది. నేర్పవలసినది తగ్గలేదు. చాలా కమ్యూనిటీ కాలేజీల్లో ఈ చదువుకు ఇప్పటికీ ఏడాదిన్నర నుంచి రెండేళ్లు పడుతోంది.

అపోహ: ఇండియా నుంచి వచ్చి ఈ కోర్సు చేస్తే ఉద్యోగంతో పాటు హెచ్1బి కూడా వస్తుంది.

వాస్తవం: లైసెన్సు వేరు, పని చేసే అనుమతి వేరు. లైసెన్సుకు పౌరసత్వం అక్కర్లేదు. 18 ఏళ్లు నిండి, ఇంగ్లీషు చదవడం, రాయడం, మాట్లాడటం, అర్థం చేసుకోవడం వస్తే చాలు. కానీ ఎఫ్1 విద్యార్థి వీసా మీద వచ్చి రెండేళ్ల అసోసియేట్ డిగ్రీ చేసినవారికి ఓపీటీ, అంటే చదువుకు సంబంధించిన పని చేసే తాత్కాలిక అనుమతి, 12 నెలలే. సైన్సు, సాంకేతిక చదువులకిచ్చే స్టెమ్ పొడిగింపు బ్యాచిలర్స్, ఆపై డిగ్రీలకు మాత్రమే ఉంది. హెచ్1బి అనేది సాధారణంగా బ్యాచిలర్స్ డిగ్రీ తప్పనిసరైన ఉద్యోగాలకు ఇచ్చేది, మెకానిక్కు ఉద్యోగం ఆ లెక్కలోకి రావడం కష్టం. తిరిగి వెళ్లి ఇండియాలో పని చేద్దామన్నా, అక్కడ నమోదైన విమానాలకు అక్కడి విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఇచ్చే లైసెన్సు కావాలి. ఊళ్లో పొలం అమ్మి పంపుతామనే తల్లిదండ్రులకు, ముందు ఇమిగ్రేషన్ లాయరును కలవమని చేతులు జోడించి చెబుతున్నాను. ఈ చదువు ఇక్కడ గ్రీన్‌కార్డు ఉన్నవారికి, పౌరులకు, పని చేసే అనుమతి ఉన్న జీవిత భాగస్వాములకు చక్కగా పనికొస్తుంది.

అపోహ: ప్రైవేటు అకాడమీ లైసెన్సుకే విలువ, కమ్యూనిటీ కాలేజీది తక్కువ.

వాస్తవం: లైసెన్సు ఇచ్చేది ఎఫ్‌ఏఏ, అది అందరికీ ఒకటే. మీ జిల్లా పరిధిలోని కాలేజీలో స్థానికులకు ఫీజు బాగా తక్కువ. గ్రీన్‌కార్డు ఉన్నవారు కూడా ఎఫ్‌ఏఎఫ్‌ఎస్‌ఏ అనే ప్రభుత్వ విద్యా సహాయ దరఖాస్తు నింపి ఆర్థిక సహాయం కోరవచ్చు.

అపోహ: పైలట్లలాగా మెడికల్ సర్టిఫికెట్ కావాలి.

వాస్తవం: అక్కర్లేదు. కానీ విమానయాన సంస్థల్లో ఉద్యోగానికి డ్రగ్ టెస్టు తప్పనిసరి. మీ రాష్ట్రంలో గంజాయి చట్టబద్ధమైనా ఈ టెస్టుకు ఆ మినహాయింపు వర్తించదు.

అపోహ: ఇంజినీరింగు చదివి మెకానిక్కుగా చేరడం పరువు తక్కువ.

వాస్తవం: దీనికి నేను ఎక్కువ మాటలు ఖర్చు చేయను. 1903లో రైట్ సోదరుల విమానానికి 12 హార్స్‌పవర్ ఇంజిన్ను సుమారు ఆరు వారాల్లో తయారు చేసిన చార్లీ టేలర్ మెకానిక్కే.

అపోహ: నలభై దాటినవారికి, ముఖ్యంగా ఆడవారికి, ఇది సాధ్యం కాదు.

వాస్తవం: నిరుడు ఒకావిడ ఫోన్ చేసి, "అన్నయ్యగారూ, నాకు 41, పన్నెండేళ్లుగా ఇంట్లోనే ఉన్నాను, స్క్రూడ్రైవరు తప్ప ఏమీ పట్టుకోలేదు, నన్ను చూసి క్లాసులో నవ్వుతారా?" అని అడిగారు. ఆ గొంతులో ఉన్న భయం నాకు బాగా తెలుసు. నేను చేరినప్పుడు నా పక్క బెంచీలో కూర్చున్నవాళ్లు నాకంటే పదిహేనేళ్లు చిన్న. ఆవిడకు ఐదు విషయాలు అడిగి రమ్మని చెప్పి కాలేజీకి పంపాను: పార్ట్ 147 అనుమతి ఇప్పటికీ అమల్లో ఉందా, ఎయిర్‌ఫ్రేమ్, పవర్‌ప్లాంట్ రెండింటికీ ఉందా, సాయంత్రం బ్యాచి ఉందా, పనిముట్లు సొంతంగా కొనుక్కోవాలా, దగ్గరలో ఎగ్జామినరు ఎవరున్నారు. కాగితం మీద రాసుకుని వెళ్లి, అన్నింటికీ జవాబులు తెచ్చారు. ఇప్పుడు ఆవిడ సాయంత్రం బ్యాచిలో ఎయిర్‌ఫ్రేమ్ చదువుతున్నారు. పోయిన వారం ఆవిడ కొట్టిన ఎనిమిది రివెట్లను గేజి పెట్టి కొలిస్తే ఏడు సరిగ్గా ఉన్నాయి. ఎనిమిదోది నేను చెప్పకముందే డ్రిల్లు తీసుకుని తొలగించడం మొదలుపెట్టారు.