పెద్దవాళ్ళ కడుపు, గుండె, రక్తనాళాలు: అపోహలు – వాస్తవాలు

డెబ్బై దాటిన మనిషి కడుపు పట్టుకుని వస్తే జబ్బు కడుపులోనే ఉందని లేదు. ఆయాసంతో వస్తే గుండెలోనే ఉందనీ లేదు. పేగులోంచి నెలల తరబడి బొట్టుబొట్టుగా కారిన నెత్తురు కూడా ఆయాసం తెప్పిస్తుంది. పైగా గుండె డాక్టరు రాసిన మందులు, కడుపు డాక్టరు రాసిన మందులు, మోకాళ్ళ కోసం మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న మాత్రలు అన్నీ ఒకే పొట్టలో కలుస్తాయి. కింద చెప్పిన అపోహల్లో ఎక్కువ భాగం అక్కడ పుట్టినవే.

అపోహ: ఎడమవైపు నొప్పి లేదు, త్రేన్పు వస్తే హాయిగా ఉంది. కాబట్టి గ్యాసే.

గుండె కింది గోడ పొట్ట పైభాగానికి ఆనుకున్నట్టే ఉంటుంది, మధ్యలో ఉన్నది పలుచని విభాజక కండరమే. ఆ గోడకు నెత్తురు అందించే నాళం (ఎక్కువమందిలో కుడి కరోనరీ, అంటే గుండె కుడి ధమని) మూసుకుపోతే నొప్పి బొడ్డు పైన, రొమ్ము కింద గుంటలో తెలుస్తుంది. గుండెకూ పొట్టకూ వెళ్ళే వేగస్ నరం రేగి వాంతి, చెమట వస్తాయి, నాడి నెమ్మదిస్తుంది. చూసేవాళ్ళకు అచ్చం అజీర్తిలా ఉంటుంది. షుగరు చాలా ఏళ్ళుగా ఉన్నవాళ్ళలో ఆ నొప్పి కూడా ఉండకపోవచ్చు. ఉన్నట్టుండి ఆయాసం, కూర్చున్నచోటే నీరసం, తికమక మాటలు మాత్రమే కనిపిస్తాయి.

యాంటాసిడ్ తాగాక తగ్గిందంటే గుండెపోటు కాదని అర్థం కాదు. గుండె నొప్పి కూడా కాసేపటికి తనంతట తానే సద్దుమణగగలదు. నడిస్తే వచ్చి, ఆగితే తగ్గే 'గ్యాస్' గ్యాస్ కాదు. భోజనం చేసి నడిచినప్పుడు మాత్రమే వచ్చేదీ అంతే.

ఆసుపత్రికి వచ్చిన 10 నిమిషాల్లో ఈసీజీ తీయాలి. మొదటిది మామూలుగా ఉందని ఇంటికి పంపకూడదు. నొప్పి ఉన్నంతసేపూ 15–30 నిమిషాలకోసారి మళ్ళీ తీయాలి. ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతింటే నెత్తుట్లో పెరిగే ప్రోటీను) పరీక్ష కూడా ఒక్కసారితో తేలదు. నొప్పి మొదలైన తొలి గంటల్లో మామూలుగానే రావచ్చు. హై సెన్సిటివిటీ రకమైతే 1–3 గంటల తర్వాత, పాత రకమైతే 6 గంటల తర్వాత రెండోది తీయాలి. కింది గోడ పోటు అని తెలిస్తే ఛాతీ కుడివైపు ఈసీజీ తీగలు పెట్టి కుడి జఠరికనూ (గుండె కుడివైపు కింది గదినీ) చూడాలి. అది దెబ్బతిని ఉంటే గుండె నొప్పికి నాలుక కింద పెట్టే సార్బిట్రేట్ మాత్ర బీపీని ఒక్కసారిగా పడేస్తుంది. ఇంట్లో బీపీ చూడకుండా పక్కింటివాళ్ళ మాత్ర తెచ్చి పెట్టడం అందుకే ప్రమాదం.

అన్నట్టు, పేగులో గాలి పేగు దాటి భుజంలోకి, నడుములోకి, నరాల్లోకి పాకదు. అది పోవడానికి ఉన్న దారులు రెండే.

అపోహ: నొప్పుల మాత్ర అన్నం తిన్నాక వేసుకుంటే కడుపుకేం కాదు. ఇంజక్షనైతే అసలు భయమే లేదు.

డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి కడుపు గోడను ఒరుసుకుని పుండు చేస్తాయనుకుంటారు. అసలు దెబ్బ నెత్తురు ద్వారా తగులుతుంది. కడుపు లోపలి జిగురు పొరను, దాని కింది నెత్తుటి ప్రవాహాన్ని కాపాడేవి ప్రోస్టాగ్లాండిన్లు. ఈ మందులు వాటి తయారీనే ఆపేస్తాయి. నోటిద్వారా వెళ్ళినా, పిరుదు మీద పొడిచినా ఫలితం ఒకటే. అన్నం తినడం వల్ల మంట తగ్గుతుంది గానీ పుండు ఆగదు. నొప్పుల మందు పుండు నొప్పిని కూడా కప్పేస్తుంది కాబట్టి పెద్దవాళ్ళలో చాలాసార్లు మొదటి లక్షణం నెత్తురు పోవడమే.

కడుపుతో ఆగితే ఒక ఎత్తు. ఈ మందులు ఒంట్లో ఉప్పును, నీటిని పట్టి ఉంచి బీపీ పెంచుతాయి, గుండె బలహీనంగా ఉన్నవాళ్ళకు ఆయాసం తెస్తాయి. టెల్మిసార్టాన్ లాంటి బీపీ మాత్ర, మూత్రం ఎక్కువగా పోయే మాత్ర వాడుతున్నవాళ్ళు పైన నొప్పుల మాత్ర కలిపితే కిడ్నీ మీద మూడు దెబ్బలు ఒకేసారి పడతాయి. ఎండాకాలంలో, విరేచనాలైన రోజుల్లో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష అంకె) అమాంతం పెరిగిన ముసలివాళ్ళను అడిగి చూడండి, చాలాసార్లు ఈ మూడూ సంచిలో దొరుకుతాయి. గుండె కోసం ఆస్పిరిన్ వాడేవాళ్ళు ఐబుప్రొఫెన్ ముందుగా వేసుకుంటే ఆస్పిరిన్‌కు పని చేసే చోటు దొరకదు.

మోకాళ్ళకు మొదట పారాసిటమాల్ 500 లేదా 650 మి.గ్రా., రోజుకు 3 గ్రాములు దాటకుండా. బరువు 50 కిలోల లోపైతే ఇంకా తక్కువ. డైక్లోఫెనాక్ జెల్ మోకాలి మీద రాస్తే నెత్తుర్లోకి వెళ్ళేది కొద్దిగానే. ఆ తేడా ఈ వయసులో చాలా పెద్దది.

అపోహ: ఐరన్ మాత్రలు వేసుకుంటున్నారు కాబట్టి మలం నల్లగానే వస్తుంది.

ఐరన్ వల్ల వచ్చే నలుపులో ఆకుపచ్చ ఛాయ ఉంటుంది, మలం గట్టిగానే ఉంటుంది. నెత్తురు వల్ల వచ్చే నలుపు తారులా మెరుస్తుంది, జిగటగా మరుగుదొడ్డి పళ్ళేనికి అంటుకుంటుంది, వాసన గది దాటి వస్తుంది. కడుపులోకి 50–100 మి.లీ. నెత్తురు కారితే చాలు, మలం ఇలా మారుతుంది. అనుమానముంటే వేలితో లోపలి పరీక్ష చేసి చూడాలి. అది చేయకుండా 'ఐరన్ వల్లే' అని రాయకూడదు.

ఇక్కడ రెండు పొరపాట్లు తరచూ జరుగుతాయి. నెత్తురు పోతే నాడి పరుగెత్తాలి గానీ, మెటోప్రొలాల్ లాంటి బీటా బ్లాకర్ (గుండె వేగం తగ్గించే మాత్ర) వాడేవాళ్ళలో 70 దగ్గరే నిలబడుతుంది. 'నాడి బాగానే ఉంది' అని కూర్చుంటే మోసపోతాం. రెండోది హిమోగ్లోబిన్. నెత్తురు పోయిన తొలి గంటల్లో అది పెద్దగా తగ్గదు. మిగిలిన నెత్తుటిలోకి నీరు చేరి పలచబడ్డాకే అంకె పడుతుంది. క్రియాటినిన్ మామూలుగా ఉండి యూరియా ఒక్కటే పెరిగితే పైపేగులో నెత్తురు పోతోందని అనుమానించండి. ముందు బీపీ నిలబెట్టి, 24 గంటల్లోపు ఎండోస్కోపీ (నోట్లోంచి గొట్టం వేసి కడుపు లోపల చూడడం) చేయాలి. మామూలుగా హిమోగ్లోబిన్ 7 కంటే తగ్గితే రక్తం ఎక్కిస్తాం, గుండె జబ్బు ఉన్నవాళ్ళకు 8 దగ్గరే.

అపోహ: అరవై దాటాక గుండెకు మంచిదని అందరూ రోజూ ఆస్పిరిన్ వేసుకోవాలి.

గుండెపోటు, పక్షవాతం, స్టెంట్ ఏవీ లేని పెద్దవాళ్ళకు ఇది నష్టమే. ఆస్ట్రేలియా, అమెరికాల్లో 19,114 మంది ఆరోగ్యవంతులైన పెద్దవాళ్ళకు 100 మి.గ్రా. ఆస్పిరిన్ గానీ ఉత్తుత్తి మాత్ర గానీ ఇచ్చి చూసిన ఆస్ప్రీ పరిశోధన ఫలితాలు 2018లో వచ్చాయి. గుండె జబ్బులు తగ్గలేదు, పెద్ద నెత్తుటి స్రావాలు పెరిగాయి.

కానీ స్టెంట్ వేయించుకున్నవాళ్ళు దీన్ని చదివి మాత్ర మానేయకూడదు, వాళ్ళ లెక్క వేరు. పన్ను పీకించుకోవాలన్నా, కొలనోస్కోపీ (గొట్టంతో పెద్దపేగు లోపల చూడడం) చేయించుకోవాలన్నా గుండె డాక్టరును అడగకుండా ఆపితే స్టెంట్ మూసుకుపోవచ్చు.

అపోహ: గ్యాస్ మాత్ర ఎన్నేళ్ళు వేసుకున్నా పర్లేదు. దానికి ఎదురు అపోహ: గ్యాస్ మాత్ర కిడ్నీలు తినేస్తుంది, వెంటనే ఆపేయండి.

పాంటోప్రజోల్ లాంటి గ్యాస్ మాత్రలు ఆస్పిరిన్‌తో పాటు క్లోపిడోగ్రెల్ (నెత్తురు గడ్డకట్టనివ్వని మరో మాత్ర) గానీ, రక్తం పలచబడే మాత్ర గానీ వాడే వృద్ధులకు తప్పనిసరి. అవి లేకపోతే పుండు పగిలే ప్రమాదం ఎక్కువ. కానీ క్లోపిడోగ్రెల్ వాడేవాళ్ళకు అదే రకం మాత్రలైన ఒమెప్రజోల్, ఎసోమెప్రజోల్ వద్దు. కాలేయంలో ఆ మందు పనిచేసే రూపంలోకి మారడానికి కావలసిన ఎంజైమునే ఇవి అడ్డుకుంటాయి. పాంటోప్రజోల్ మేలు.

కారణం లేకుండా ఏళ్ళ తరబడి వాడితే బి12, మెగ్నీషియం తగ్గొచ్చు. అవసరం లేదని తేలినా ఒక్కరోజులో ఆపితే అణిగి ఉన్న ఆమ్లం రెట్టించి తిరగబడుతుంది. 'మాత్ర మానితే బతకలేను' అనే నమ్మకం అక్కడ పుడుతుంది. మోతాదు సగం చేసి, తర్వాత రోజు విడిచి రోజు, 2–4 వారాల్లో మానిపించాలి. వేసుకునే వేళ కూడా ముఖ్యం. టిఫినుకు అరగంట ముందు వేసుకోవాలి. రాత్రి భోజనమయ్యాక వేసుకుంటే సగం వృథా.

అపోహ: అల్సర్ కారం వల్ల, వేళకు తినకపోవడం వల్ల వస్తుంది.

ఆవకాయ మంట పుట్టిస్తుంది గానీ పుండు పెట్టదు. ఎక్కువ పుళ్ళకు కారణం నొప్పుల మందులు, ఆస్పిరిన్ లేదా హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే సూక్ష్మజీవి. దాన్ని 1982లో కనుగొన్న బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్‌లకు 2005లో నోబెల్ వచ్చింది. పరీక్షకు ముందు గ్యాస్ మాత్ర 2 వారాలు, యాంటీబయాటిక్స్ 4 వారాలు ఆపకపోతే జీవి ఉన్నా లేదనే వస్తుంది. చికిత్స 14 రోజులు. ఆ మాత్రల కిట్‌లో సాధారణంగా క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఉంటుంది. అటోర్వాస్టాటిన్ లాంటి కొలెస్ట్రాల్ మాత్రతో కలిస్తే కండరాలు దెబ్బతినొచ్చు. కిట్ రాసే ముందు గుండె మందుల చీటీ అడగాల్సింది ఇందుకే.

అపోహ: రక్తం పలచబడే మాత్ర వేసుకుంటే ఆకుకూరలు మానేయాలి.

మానక్కర్లేదు. అసిట్రోమ్, వార్ఫరిన్ వాడేవాళ్ళు తోటకూర, గోంగూర, మునగాకు ఏ వారమైనా ఇంచుమించు ఒకే మోతాదులో తినాలి. అసలు ప్రమాదం మరోచోట ఉంది. విరేచనాలని చెప్పి షాపులో మెట్రోనిడజోల్ కొనుక్కుంటే ఐఎన్ఆర్ (నెత్తురు ఎంత ఆలస్యంగా గడ్డకడుతోందో చెప్పే అంకె) 2–3 మధ్య ఉండాల్సింది కొద్దిరోజుల్లోనే పైకి ఎగబాకుతుంది. చిగుళ్ళలోంచి నెత్తురు, నల్ల మలం తర్వాత కనిపిస్తాయి.

అపోహ: వయసుకు వంద కలిపితే ఎంతో అంత బీపీ ఉండొచ్చు.

ఈ లెక్క ప్రకారం 82 ఏళ్ళ మనిషికి 182 మామూలే! 80 దాటిన 3,845 మందితో చేసిన హైవెట్ పరిశోధన 2008లో దీనికి జవాబిచ్చింది. 150/80 లక్ష్యంగా మందులిస్తే మరణాలు 21 శాతం, గుండె వైఫల్యం 64 శాతం తగ్గాయి.

అయితే కూర్చోబెట్టి చూసిన ఒక్క అంకెతో మందు పెంచితే బాత్రూంలో పడి తుంటి విరగ్గొట్టుకుంటారు. 5 నిమిషాలు పడుకోబెట్టి చూడాలి, నిలబడిన 1 నిమిషానికి, 3 నిమిషాలకు మళ్ళీ చూడాలి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ పడిపోతే ముందు చీటీ తిరగేయాలి. ప్రోస్టేట్‌కు ఇచ్చే టామ్సులోసిన్, ప్రజోసిన్, నీరు పోయే మాత్రలు మొదటి అనుమానితులు. కొందరికి భోజనం చేసిన 2 గంటల్లోపే బీపీ పడుతుంది. పేగుల వైపు మళ్ళిన నెత్తురుకు తగ్గట్టు ముసలి రక్తనాళాలు బిగుసుకోలేవు. కంచం నిండా అన్నం తిని లేచి తూలితే 'కళ్ళు తిరిగాయి, షుగర్ తగ్గిందేమో' అంటారు. అన్నం తగ్గించి నాలుగైదు సార్లుగా తినడం, భోజనానికి ముందు పెద్ద గ్లాసు నీళ్ళు (గుండె డాక్టరు నీళ్ళు తగ్గించమని చెప్పకపోతేనే), బీపీ మాత్రను భోజన వేళకు దూరంగా జరపడం పనిచేస్తాయి.

అపోహ: ఆకలి లేదు, రెండు ముద్దలకే పొట్ట ఉబ్బుతోంది. వయసుకు జీర్ణశక్తి తగ్గింది.

ఎంజైమ్ సిరప్పు రాసేముందు మెడ సిరలు చూడాలి, కాలి మీద వేలితో నొక్కాలి. గుండె కుడివైపు బలహీనపడితే నెత్తురు కాలేయంలో, పేగు గోడల్లో నిలిచిపోతుంది. ఉబ్బరం, అన్నహితవు లేకపోవడం, కుడి డొక్కలో బరువు అక్కడివే. ఆకలి లేకపోయినా బరువు పెరుగుతుంటే అది నీరు. రోజూ పొద్దున్నే మూత్రానికి వెళ్ళొచ్చాక తూచుకోమనండి. 3 రోజుల్లో 2 కిలోలు పెరిగితే వెంటనే చూపించుకోవాలి.

డిగాక్సిన్ అనే గుండె మందు వాడేవాళ్ళకు వికారం మొదలైతే అది మందు ఎక్కువైన గుర్తు కావచ్చు. కిడ్నీ తగ్గినకొద్దీ ఆ మందు ఒంట్లో పేరుకుంటుంది. వాంతి మాత్ర ఇచ్చి పంపకుండా ఈసీజీ, పొటాషియం, క్రియాటినిన్ చూడాలి.

అపోహ: కాళ్ళు వాచాయంటే కిడ్నీలు పోయినట్టే.

ఆమ్లోడిపిన్ అనే బీపీ మాత్ర వాడేవాళ్ళలో సాయంత్రానికి చీలమండలు వాయడం మామూలు. నీరు పోయే మాత్రతో అది తగ్గదు. మోతాదు తగ్గించాలి లేదా మందు మార్చాలి.

అపోహ: పొట్ట మెత్తగా ఉంది, స్కానింగ్ నార్మల్. కంగారు లేదు.

పొట్ట మెత్తగా ఉండి మనిషి మాత్రం మెలికలు తిరిగిపోతుంటే, పైగా నాడి లయ తప్పి కొట్టుకుంటుంటే ఇదే అన్నిటికన్నా కంగారు పడాల్సిన పరిస్థితి. గుండెలో కట్టిన గడ్డ జారి పేగు ధమనిలో ఇరుక్కుని ఉండొచ్చు. ఎక్స్‌రే, అల్ట్రాసౌండ్ మొదట్లో ఏమీ చూపించవు, నెత్తురు అందని కణాలు వదిలే లాక్టేట్ కూడా రక్తపరీక్షలో మామూలుగా ఉండొచ్చు. పొట్ట గట్టిపడేసరికి పేగు చచ్చిపోయి ఉంటుంది. వెంటనే సీటీ యాంజియోగ్రామ్ (రక్తనాళాలు కనిపించేలా మందు ఎక్కించి తీసే స్కాన్) చేయాలి. క్రియాటినిన్ కాస్త ఎక్కువుందని రేపటికి వాయిదా వేయకూడదు.

ఇదే జబ్బు నెమ్మదిగా వచ్చే రూపం చుట్టలు, బీడీలు తాగినవాళ్ళలో కనిపిస్తుంది. తిన్న 15 నిమిషాల నుంచి గంటలోపు నొప్పి వస్తుంది, ఆ భయంతో తిండి తగ్గిస్తారు, బరువు జారుతుంది. రెండు మూడు ఎండోస్కోపీలు అయ్యాక గానీ ఎవరూ పేగు ధమనుల వైపు చూడరు. అరవై దాటాక మొదటిసారి 'కిడ్నీ రాయి నొప్పి' వచ్చి బీపీ పడిపోతుంటే పొట్టలోని బృహద్ధమని ఉబ్బి పగులుతోందేమో చూడాలి.

అపోహ: ముసలితనంలో రక్తం తక్కువగా ఉండడం సహజం.

కాదు. ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ చెప్పే రక్తపరీక్ష) 30 కంటే తక్కువైతే ఇనుము లోపం ఖాయం. ఒంట్లో దీర్ఘకాల వాపు జబ్బులుంటే 100 వరకూ ఉన్నా లోపం ఉండొచ్చు. మగవాళ్ళలో, ముట్లుడిగిన ఆడవాళ్ళలో ఇనుము లోపం అంటే ఎక్కడో కారుతోందన్న అనుమానంతో ఎండోస్కోపీ, కొలనోస్కోపీ రెండూ చేయాలి. పైన చిన్న పుండు దొరికిందని ఆగిపోతే పెద్దపేగు క్యాన్సర్ తప్పించుకుంటుంది. రెండూ మామూలుగా ఉంటే స్టెతస్కోప్ గుండె మీద పెట్టండి. బృహద్ధమని కవాటం సన్నబడితే, అందులోంచి దూసుకెళ్ళేటప్పుడు నెత్తురు గడ్డకట్టడానికి కావలసిన పెద్ద ప్రోటీను అణువులు తెగిపోతాయి, పేగులోని పలుచని నాళాలు కారతాయి. 1958లో ఎడ్వర్డ్ హైడ్ అనే అమెరికా వైద్యుడు గుర్తించిన జంట ఇది. కవాటం మారిస్తే చాలామందిలో పేగు నెత్తురు ఆగుతుంది.

అపోహ: పలచగా విరేచనమవుతోంది కాబట్టి మలబద్ధకం కాదు.

గట్టి మలం కింద అడ్డుపడితే దాని పక్కనుంచి నీళ్ళలా కారుతుంది. అప్పుడు విరేచనాలు కట్టే మాత్ర ఇస్తే పరిస్థితి రెండింతలు చెడుతుంది. వేలి పరీక్ష ఒక్క నిమిషం పని. ఐరన్, కాల్షియం, నొప్పులకిచ్చే ట్రమడాల్, బీపీకిచ్చే వెరాపమిల్ మలబద్ధకం తెచ్చేవే. ఇసబ్‌గోల్ ఇస్తే పెద్ద గ్లాసు నీళ్ళతోనే ఇవ్వాలి. నీళ్ళు తక్కువ తాగేవాళ్ళకు, మంచం మీదే ఉన్నవాళ్ళకు అది లోపలే ముద్దకట్టి అడ్డం పడుతుంది. వాళ్ళకు లాక్టులోజ్ గానీ పాలిఇథిలీన్ గ్లైకాల్ పొడి గానీ మేలు.