డిస్కు పీకి బీరువాలో పెట్టండి

శ్రీకాకుళం

చిరంజీవులకు పెదనాన్న ఆశీస్సులు.

మీలో ఒకరు పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీ బిల్లులు కొడుతున్నారు, ఒకరు రాజాంలో మిల్లు లెక్కలు చూస్తున్నారు, చిన్నది బొబ్బిలిలో మీసేవ సెంటర్లో కూర్చుంటోంది. ముగ్గురి చేతుల్లోనూ పదిమంది కాగితాలు, డబ్బు లెక్కలు ఉన్నాయి. అందుకే ఫైళ్లకు తాళం వేసి, విప్పడానికి డబ్బు అడిగే ర్యాన్సమ్‌వేర్ గురించి కాస్త వివరంగా రాస్తున్నాను. తీరిగ్గా చదవండి.

అది కంప్యూటర్లోకి దిగాక ఏం చేస్తుందో ముందు తెలియాలి. ఫైళ్లను ఒక్కొక్కటిగా తీసుకుని ఎవరూ చదవలేని రూపంలోకి మార్చేస్తుంది. విప్పే కీ దాడి చేసినవాడి దగ్గరే ఉంటుంది. సి డ్రైవ్, డి డ్రైవ్‌తో ఆగదు. తగిలించి ఉన్న పెన్ డ్రైవ్, పక్కనే వేలాడుతున్న హార్డ్ డిస్కు, నెట్‌వర్క్‌లో షేర్ చేసిన ఫోల్డర్, కంటికి కనబడిన ప్రతిదాన్నీ పట్టుకుంటుంది. విండోస్ తనంతట తాను దాచుకునే పాత కాపీలను కూడా చాలా రకాలు ముందే చెరిపేస్తాయి, కాబట్టి సిస్టమ్ రీస్టోర్ మీద ఆశ పెట్టుకోవద్దు. ఇదంతా అయ్యాకే తెర మీద డబ్బు కట్టమనే నోటు వస్తుంది. అప్పటికి ఏం చేసినా ఆలస్యమే.

‘మాకు బ్యాకప్ ఉంది’ అని చాలా ఆఫీసులవాళ్లు ధీమాగా ఉంటారు. చూస్తే ఆ డిస్కు రాత్రీపగలూ కంప్యూటర్‌కే తగిలించి ఉంటుంది. ఫైళ్లతోపాటు అదీ పోతుంది. విత్తనపు ధాన్యాన్ని తిండిగింజల గాదెలో కలిపేసి పెట్టుకోం కదా, ఇదీ అంతే. క్లౌడ్‌లో ఉంది కదా అనుకోకండి, ఇక్కడ పాడైన ఫైలు నిమిషాల్లో అక్కడికీ ఎక్కి మంచిదాని స్థానంలో కూర్చుంటుంది. పాత వెర్షన్లు ఎన్నాళ్లు ఉంచుతారో, ఎలా వెనక్కి తేవాలో ముందే చూసుకోండి.

1 టీబీ డిస్కులు రెండు కొనమని యజమానిని అడగండి. ఒకదాని మీద ‘అ’, ఇంకోదాని మీద ‘ఆ’ అని రాయండి. మంగళవారం ఒకటి, శుక్రవారం ఒకటి. ముందు లెక్కల సాఫ్ట్‌వేర్ టాలీని మూసేయండి, ఎందుకంటే తెరిచి ఉన్న డేటా ఫైలును కాపీ చేస్తే సగం రాసిన స్థితిలో వస్తుంది, తర్వాత తెరుచుకోకపోవచ్చు. డిస్కు తగిలించి, ఆ రోజు తేదీతో కొత్త ఫోల్డర్ పెట్టి అందులోకి కాపీ చేయండి. పాతదాని మీద రాయకండి. అయ్యాక ఎజెక్ట్ కొట్టి, కేబుల్ పీకి, బీరువాలో పెట్టండి. రెండోది మాత్రం యజమాని ఇంట్లో ఉండాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. ఒకే గదిలో రెండు కాపీలు పెట్టుకుంటే అలాంటి రాత్రి రెండూ తడిసిపోతాయి.

నెలకోసారి ఆ డిస్కులోని డేటాను వేరే కంప్యూటర్లో తెరిచి, చివరి బిల్లు నంబరు సరిపోయిందో లేదో చూడండి. దీన్ని అందరూ వదిలేస్తారు, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇదే. డిస్కు నిండిపోయి కాపీ మధ్యలో ఆగిపోయి ఉండొచ్చు. డేటా ఫోల్డర్‌కు బదులు డెస్క్‌టాప్ మీది షార్ట్‌కట్ బొమ్మనే ఇన్నాళ్లూ కాపీ చేస్తూ ఉండొచ్చు. అది పరీక్షించిన రోజే బయటపడుతుంది. 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద దాడి జరిగి, ఆసుపత్రి పనులు రోజుల తరబడి చేతిరాత మీద నడిచాయి. చివరికి దాడి తగలని ఒక బ్యాకప్ సర్వర్ నుంచే రోగుల డేటా తిరిగి తెచ్చామని ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పింది.

ఇక అది లోపలికి వచ్చే దారులు. మెయిల్లోనో వాట్సాప్‌లోనో ‘ఇన్వాయిస్.పీడీఎఫ్’ అని ఒక ఫైలు వస్తుంది. దాని అసలు పేరు ‘ఇన్వాయిస్.పీడీఎఫ్.ఈఎక్స్ఈ’. విండోస్ ఆ చివరి ముక్కను మామూలుగా చూపించదు. ఏదైనా ఫోల్డర్ తెరిచి, పైన ‘వ్యూ’లోకి వెళ్లి (విండోస్ 11లో దాని కింద ‘షో’లో ఉంటుంది) ‘ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్’ దగ్గర టిక్ పెట్టండి. చివర ఈఎక్స్ఈ, జేఎస్ లాంటివి కనిపిస్తే అది బిల్లు కాదు, నొక్కగానే నడిచే ప్రోగ్రాం, ముట్టుకోవద్దు. ఫోన్లోనూ అంతే. పెళ్లి శుభలేఖ అనో, ట్రాఫిక్ చలానా అనో ఏపీకే ఫైలు (ఫోన్లో యాప్ ఎక్కించేది) వస్తే తెలిసినవాళ్ల నంబరు నుంచి వచ్చినా ఇన్‌స్టాల్ చేయొద్దు. వాళ్ల ఫోను అప్పటికే దొంగల చేతిలో ఉండొచ్చు.

ఎవరూ ఏమీ నొక్కకుండానే వచ్చేవీ ఉన్నాయి. 2017 మే 12న మొదలైన వన్నాక్రై అలాంటిదే, విండోస్ ఫైల్ షేరింగ్‌లోని లోపం పట్టుకుని ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి పాకింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లు కొన్ని దానికి చిక్కాయి, మన శ్రీకాకుళం జిల్లావీ వాటిలో ఉన్నాయి. ఆ లోపాన్ని పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ మార్చి 14నే ఇచ్చింది. అంటే దాదాపు రెండు నెలలు అది ఎన్నో కంప్యూటర్లకు ఎక్కనే లేదు. ‘అప్‌డేట్ తర్వాత’ అని నొక్కుతూ పోకండి, సాయంత్రం ఇంటికెళ్లేముందు ఎక్కించేయండి. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. మిల్లులో ఇంకా అదే నడుస్తుంటే యజమానికి చెప్పండి. లైసెన్సు లేకుండా క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్ అసలే వద్దు, వేసేటప్పుడు యాంటీవైరస్‌ను ఆపమంటుంది, ఆ సందులోనే వైరస్ దూరుతుంది.

ఇంటి నుంచి పని చేసుకోవడానికి, ఆఫీసు కంప్యూటర్ను దూరం నుంచి నడిపే రిమోట్ డెస్క్‌టాప్‌ను నేరుగా ఇంటర్నెట్‌కు తెరిచి పెట్టే అలవాటు ఒకటి ఉంది. దానికి వాడే 3389 పోర్టు (నెట్ నుంచి లోపలికి వచ్చే తలుపు లాంటిది) తెరిచి ఉన్న కంప్యూటర్ల కోసం ప్రపంచమంతా యంత్రాలు వెతుకుతూనే ఉంటాయి. దాన్ని మూయించండి. ఎనీడెస్క్ లాంటివి పని ఉన్నప్పుడే తెరిచి, అయిపోగానే మూసేయాలి. సిరిమానోత్సవం రోజున ఊరంతా విజయనగరంలో ఉన్నా, ఆఫీసు సర్వర్ ఒంటరిగా నడుస్తూనే ఉంటుంది. సెలవు రోజులు, అర్ధరాత్రులు చూసుకునే ఈ దాడులు ఎక్కువగా చేస్తారు.

ఇది వేరే రకం మోసం గానీ, పలాసవాడికి ఒక మాట. విదేశాల నుంచి జీడి గింజలు పంపే వ్యాపారి ‘మా బ్యాంకు ఖాతా మారింది’ అని మెయిల్ పెడితే, ఆ మెయిల్లోని నంబరుకు కాకుండా పాత బిల్లు మీదున్న నంబరుకు ఫోన్ చేసి అడిగాకే డబ్బు పంపాలి.

ఇన్ని చేసినా దాడి జరిగిందనుకోండి. వెంటనే లాన్ కేబుల్ పీకండి, వైఫై ఆపండి. కంప్యూటర్‌ను మాత్రం ఆర్పొద్దు, రీస్టార్ట్ కొట్టొద్దు. వన్నాక్రై సమయంలో రీస్టార్ట్ చేయని కొన్ని పాత విండోస్ కంప్యూటర్ల మెమొరీలోంచి కీ ఆనవాళ్లు పట్టి ఫైళ్లు విప్పగలిగారు. బ్యాకప్ డిస్కును పొరపాటున కూడా తగిలించవద్దు. తెరను ఫోన్‌తో ఫొటో తీయండి, ఫైళ్ల చివర చేరిన కొత్త అక్షరాలు రాసుకోండి. నో మోర్ ర్యాన్సమ్ అనే సైటులో కొన్ని రకాలకు ఉచితంగా విప్పే సాధనాలు దొరుకుతాయి, ఆ వివరాలు అక్కడ పనికొస్తాయి. డబ్బు కట్టవద్దనే నా మాట. కట్టినా కీ ఇస్తాడన్న హామీ లేదు, ఎత్తుకెళ్లిన డేటా బయటపెట్టడన్న నమ్మకమూ లేదు. డిస్కు పూర్తిగా ఫార్మాట్ చేసి, విండోస్ కొత్తగా వేసి, ఆ తర్వాతే బ్యాకప్ ఎక్కించాలి. పాస్‌వర్డ్‌లన్నీ వేరే శుభ్రమైన కంప్యూటర్ నుంచి మార్చాలి.

ఏదో నొక్కేశానని అనుమానం వస్తే ఆ నిమిషమే పెద్దవాళ్లకు చెప్పండి. తిడతారని గంటసేపు దాస్తే ఆ గంటలో ఆఫీసంతా పాకుతుంది. మీ కింద పనిచేసేవాళ్లు వచ్చి చెప్పినప్పుడు మీరూ కసురుకోకండి.

ఖాతాలోంచి డబ్బు పోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఫిర్యాదు సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో పెట్టాలి. సంస్థలు ఇలాంటి దాడిని తెలిసిన 6 గంటల్లోపు కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలపాలన్నది 2022 నుంచి ఉన్న నిబంధన. ఈ నంబర్లతోపాటు యజమానిది, కంప్యూటర్ బాగుచేసేవాడిదీ ఒక కాగితం మీద రాసి గోడకు అంటించండి. కంప్యూటర్లో దాచుకున్న నంబర్లు ఆ రోజు తెరుచుకోవు.

ఇట్లు,
మీ పెదనాన్న