మెడికేర్ గడువులు: మనవాళ్లలో తిరిగే అపోహలు, అసలు వాస్తవాలు

అక్టోబరు వచ్చిందంటే అమెరికాలో టీవీ పెడితే చాలు, మెడికేర్ (ముఖ్యంగా 65 నిండినవాళ్లకు ప్రభుత్వం నడిపే ఆరోగ్య బీమా) ప్రకటనలే. పోస్టు డబ్బా నిండా కరపత్రాలు. మా ఆఫీసు ఫోనుకూ అప్పుడే ఊపిరాడదు. డాలస్ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలకు మెడికేర్ ప్లాన్లు చూసిపెట్టడం నా వృత్తి. ప్లాన్ అమ్మితే కంపెనీ నుంచి నాకు కమీషన్ వస్తుంది, ఆ సంగతి ముందే చెప్పేస్తున్నా. కమీషన్‌తో పనిలేని సలహా కావాలంటే ప్రతి రాష్ట్రంలోనూ షిప్ అనే ఉచిత సలహా సేవ ఉంది, టెక్సస్‌లో దాన్ని హైక్యాప్ అంటారు. నిక్షేపంగా వాళ్లనే అడగండి. ఎవరిని అడిగినా, ముందు ఈ మాటలు మాత్రం నమ్మకండి.

అపోహ: చేరేది అక్టోబరులోనే కదా, అప్పుడు చూద్దాం.

ఎక్కువమందిని ముంచేది ఇదే. అక్టోబరు 15 నుంచి డిసెంబరు 7 దాకా ఉండేది, ఇప్పటికే మెడికేర్‌లో ఉన్నవాళ్లు ప్లాన్ మార్చుకునే గడువు. కొత్తగా పార్ట్ బి, అంటే మెడికేర్‌లో డాక్టర్ ఖర్చులు చూసే భాగం, తీసుకోవడానికి దానితో సంబంధమే లేదు. మొదటిసారి చేరే గడువు ఎవరి పుట్టినరోజును బట్టి వాళ్లది: 65 నిండే నెల, దానికి ముందు మూడు నెలలు, తర్వాత మూడు నెలలు. మొత్తం ఏడు. ఒకటో తారీఖున పుట్టినవాళ్లకు ఈ లెక్కంతా ఒక నెల వెనక్కి జరుగుతుంది.

ఈ ఒకటో తారీఖు గొడవ మనవాళ్లకు బాగా తగులుతుంది. బళ్లో వేసేటప్పుడు మాస్టారు రాసేసిన జులై 1నే చాలామందికి పాస్‌పోర్టులోనూ ఉంటుంది. ఇంట్లో కేక్ కోసేది ఏ నవంబరులోనో. మెడికేర్ దరఖాస్తులు, ప్రభుత్వ పెన్షన్ చూసే సోషల్ సెక్యూరిటీ వాళ్లకు మాత్రం కాగితం మీద ఉన్నదే పుట్టినరోజు. జులై 1 అయితే జూన్‌లో నిండినట్టు లెక్క. గడువు మార్చిలో మొదలై సెప్టెంబరుతో ముగుస్తుంది. అక్టోబరు దాకా ఆగితే అంతే సంగతులు.

గడువు తప్పితే జనవరి 1 నుంచి మార్చి 31 మధ్య నడిచే జనరల్ ఎన్‌రోల్‌మెంట్ దాకా ఆగాలి. ఆలస్యమైన ప్రతి నిండు 12 నెలలకు పార్ట్ బి ప్రీమియం మీద 10 శాతం పెనాల్టీ పడుతుంది. అది ఒక్కసారి కట్టేసి వదిలించుకునేది కాదు, పార్ట్ బి ఉన్నంతకాలం నెలనెలా కట్టాల్సిందే.

అపోహ: 65 నిండగానే కార్డు దానంతటదే ఇంటికొస్తుంది.

65 నిండడానికి కనీసం నాలుగు నెలల ముందు నుంచే సోషల్ సెక్యూరిటీ డబ్బు తీసుకుంటున్నవాళ్లకే అలా వస్తుంది. 1960లోనూ ఆ తర్వాతా పుట్టినవాళ్లకు పూర్తి పెన్షన్ వయసు 67 కాబట్టి, ఇప్పుడు 65కి వస్తున్నవాళ్లలో చాలామంది ఇంకా దాన్ని మొదలుపెట్టి ఉండరు. సోషల్ సెక్యూరిటీ వెబ్‌సైట్‌లో మీరే దరఖాస్తు పెట్టుకోవాలి.

అపోహ: ఉద్యోగం మానేసినా కోబ్రా ఉంది, తొందరేం లేదు.

ఇక్కడ కాస్త ఆగి చదవండి. కోబ్రా అంటే ఉద్యోగం మానేశాక పాత కంపెనీ ఇన్సూరెన్స్‌నే మన డబ్బుతో కొన్నాళ్లు కొనసాగించుకోవడం. మీరో, మీ జీవిత భాగస్వామో 20 మందికి తక్కువ కాని కంపెనీలో ఇంకా పనిచేస్తూ, ఆ ఉద్యోగం మీద ఇన్సూరెన్స్ ఉంటే, పార్ట్ బి వాయిదా వేసుకోవచ్చు, పెనాల్టీ ఉండదు. పదిమందితో నడిచే చిన్న కన్సల్టెన్సీ అయితే లెక్క మారిపోతుంది. 65 దాటాక బిల్లుల్లో ముందు కట్టాల్సింది మెడికేరే, కంపెనీ ఇన్సూరెన్స్ దాని తర్వాత.

ఉద్యోగం లేదా ఆ ఇన్సూరెన్స్, ఏది ముందు ఆగితే అక్కణ్ణుంచి ఎనిమిది నెలలు ప్రత్యేక గడువు. కోబ్రా ఉందని ఆ గడియారం ఆగదు. ఉదాహరణకు ఒకాయన 67 ఏళ్లకు, 2023 అక్టోబరు ఆఖరున రిటైరయ్యారనుకుందాం. పార్ట్ ఎ (ఆసుపత్రి ఖర్చులు చూసే భాగం) మాత్రమే ఉంది. కోబ్రా 18 నెలలు, అంటే 2025 ఏప్రిల్ దాకా. ఎనిమిది నెలల గడువేమో 2024 జూన్‌తోనే అయిపోయింది. కోబ్రా అయ్యాక దరఖాస్తుకు వెళ్తే, 2026 జనవరిలో రమ్మంటారు. అప్పుడు చేరితే పార్ట్ బి ఫిబ్రవరి 1న మొదలు. మధ్యలో తొమ్మిది నెలలు డాక్టర్ ఖర్చులన్నీ చేతి నుంచే. ఆలస్యం 27 నెలలు, అందులో నిండు సంవత్సరాలు రెండు, కాబట్టి 20 శాతం పెనాల్టీ. 2026లో పార్ట్ బి మామూలు ప్రీమియం 202.90 డాలర్లు. దాని మీద నెలకు ఇంకో 40 డాలర్ల పైన పడుతుంది. ఇంతకంటే పెద్ద దెబ్బ ఏమిటంటే, మెడికేర్‌కు అర్హత ఉండీ చేరనివాళ్ల బిల్లుల్లో మెడికేర్ కట్టాల్సిన వాటాను కోబ్రా ప్లాన్ కట్టకుండా వదిలేయొచ్చు.

రిటైరయ్యాక పాత కంపెనీ ఇచ్చే రిటైరీ ఇన్సూరెన్స్‌కూ ఇదే సూత్రం. హెచ్ఎస్ఏ ఖాతాలో (వైద్య ఖర్చులకు పన్ను లేకుండా దాచుకునే ఖాతా) డబ్బు వేస్తున్నవాళ్లు ఇంకోటి చూసుకోవాలి: 65 దాటాక పెట్టే దరఖాస్తుకు పార్ట్ ఎ ఆరు నెలల దాకా వెనక్కి వెళ్లి మొదలవుతుంది. మెడికేర్ ఉన్న నెలల్లో ఆ ఖాతాలో వేయకూడదు కాబట్టి, ఆ మేరకు ముందే డబ్బు వేయడం ఆపాలి.

అపోహ: అమ్మానాన్నలకు గ్రీన్ కార్డు వచ్చింది, ఇక మెడికేర్ వచ్చినట్టే.

రాదు. ఇక్కడ ఎప్పుడూ పనిచేయని పెద్దవాళ్లకు గ్రీన్ కార్డుతో పాటు ఐదేళ్ల ఎడతెగని నివాసం కావాలి. ఆ ఐదేళ్లు పూర్తయ్యే నెల చుట్టూ వాళ్లకూ అదే ఏడు నెలల గడువు మొదలవుతుంది. వయసు 65 దాటి ఎన్నేళ్లయినా అప్పటివరకు పెనాల్టీ ఉండదు. ఒకే ప్రయాణంలో ఆరు నెలలు దాటి ఇండియాలో ఉండిపోతే నివాసం తెగిందేమోనని ప్రశ్నలొస్తాయి. మనవరాలి పెళ్లి పనులకని వెళ్లి ఏడాది ఉండిపోయేవాళ్లు దీన్ని గుర్తుపెట్టుకోవాలి.

పైగా ఇది ఉచితం కాదు. పిల్లలు కట్టిన పన్నులు తల్లిదండ్రుల ఖాతాలోకి రావు. వాళ్లకో, జీవిత భాగస్వామికో 40 క్రెడిట్లు ఉంటేనే, అంటే సుమారు పదేళ్ల పని ఉంటేనే పార్ట్ ఎ ఉచితం. 30 క్రెడిట్లు కూడా లేకపోతే 2026లో నెలకు 565 డాలర్లు. పార్ట్ బి కూడా కలిపితే ఇద్దరికీ నెలకు 1,500 దాటిపోతుంది. పార్ట్ బి ఒక్కటే తీసుకోవచ్చు, కానీ దానితో అడ్వాంటేజ్ ప్లాన్ (మెడికేర్ కవరేజీని ప్రైవేటు కంపెనీ ద్వారా ఇచ్చే ప్లాన్) రాదు.

అపోహ: హెచ్1బీ మీద పదేళ్లు పన్ను కట్టాం, 40 క్రెడిట్లున్నాయి, చాలు.

మొన్నటిదాకా చాలేది. 2025 జులై 4న సంతకమైన చట్టం తర్వాత పౌరులకు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు, మరి కొన్ని చిన్న వర్గాలకు మాత్రమే అర్హత. గ్రీన్ కార్డు క్యూలోనే ముసలివాళ్లవుతున్న మనవాళ్లకు ఇది అన్యాయమనే నా అభిప్రాయం. కానీ చట్టం అదే.

అపోహ: మెడిగ్యాప్ కావాలంటే ఎప్పుడైనా కొనుక్కోవచ్చు.

మెడిగ్యాప్ అంటే మెడికేర్ కట్టగా మిగిలే ఖర్చులకు ప్రైవేటు కంపెనీలు అమ్మే పాలసీ. దరఖాస్తు ఎప్పుడైనా పెట్టొచ్చు, ఇస్తారన్న హామీ మాత్రం లేదు. 65 దాటి పార్ట్ బి మొదలైన నెల నుంచి ఆరు నెలలు షుగరున్నా, గుండెలో స్టెంటున్నా కంపెనీ కాదనకూడదు, ఎక్కువ రేటు వేయకూడదు. ఆ తర్వాత టెక్సస్ లాంటి రాష్ట్రాల్లో ఆరోగ్య ప్రశ్నలు అడిగి కాదనొచ్చు. న్యూయార్క్, కనెక్టికట్ లాంటి కొన్ని రాష్ట్రాలే దీనికి మినహాయింపు. ప్రీమియం సున్నా అని అడ్వాంటేజ్ ప్లాన్‌లో చేరేముందు ఇది తెలిసి చేరండి. 65 నిండిన మొదట్లోనే అందులో చేరినవాళ్లకు ఏడాదిలోపు ఒరిజినల్ మెడికేర్‌కు (ప్రభుత్వమే నేరుగా నడిపే పార్ట్ ఎ, బి) తిరిగొచ్చి మెడిగ్యాప్ తీసుకునే హక్కు ఉంది. ఏడాది దాటితే ఆ హక్కు పోతుంది.

అపోహ: మందులు ఇండియా నుంచి తెచ్చుకుంటాం, పార్ట్ డి (మందుల ప్లాన్) ఎందుకు?

బ్యాగులో ఆరు నెలల బీపీ మాత్రలు వచ్చేస్తుంటే అలాగే అనిపిస్తుంది. కానీ పార్ట్ డికి సమానమైన మందుల కవరేజీ వేరేది లేకుండా వరుసగా 63 రోజులు గడిస్తే, కవరేజీ లేని ప్రతి నెలకూ జాతీయ బేస్ ప్రీమియంలో (ప్రభుత్వం ఏటా ప్రకటించే ప్రామాణిక ప్రీమియం) 1 శాతం చొప్పున పెనాల్టీ కూడుతుంది. ఇండియాలో కొన్న పాలసీ దీనికి పనికిరాదు. మీ కౌంటీలో దొరికే అన్నిటికన్నా చవకైన ప్లాన్ ఒకటి తీసి ఉంచుకోండి. మాత్రలు ఎక్కణ్ణుంచి తెచ్చుకుంటారో మీ ఇష్టం.