పొగరా, భయమా, చూపు ఆనకపోవడమా?

పెరట్లో ఆరు బాంటమ్ కోళ్ళు, అంటే బుల్లి కోళ్ళు, దిగితే వారం తిరక్కుండా ఆరింటికీ బిరుదులు పడిపోతాయి. నెత్తి మీద తెల్ల కుచ్చుతో కదలకుండా కూర్చునే సిల్కీ సాధువు. మనిషి అలికిడికే గోడెక్కే సీబ్రైట్ పొగరుబోతు. కాళ్ళ నిండా ఈకలతో ఉండచుట్టుకుని పడుకునే కొచ్చిన్ సోంబేరి. ఈ బిరుదులు ఉత్త ముచ్చట కావు. ఒకే తల్లి కింద పొదిగిన పిల్లల్లోనూ ఒకటి ధైర్యంగా, ఒకటి బెదురుగా ఉంటుంది, పెద్దయ్యాకా ఆ తేడా కనిపిస్తూనే ఉంటుంది. చిక్కు ఎక్కడంటే, మనం గుణం అనుకునే దాంట్లో చాలా భాగం గుణం కాదు. సాధువుకు కళ్ళ మీద ఈకలు పడి ముందేముందో కనబడటం లేదేమో. సోంబేరికి ఒంట్లో బాగోలేదేమో. చేయి చాపితే పొడిచే పెట్ట గుడ్లు పొదుగుతోందేమో. వీటిని ఒక్కొక్కటిగా పక్కకు తీశాక మిగిలేదే ఆ కోడి సొంత గుణం.

బాంటమ్ అన్న పేరు జావా దీవిలోని బాంటెన్ రేవు నుంచి వచ్చింది. ఓడలవాళ్ళు అక్కడ కొని ఐరోపాకు తీసుకెళ్ళిన చిన్న కోళ్ళకు ఆ రేవు పేరే నిలిచిపోయింది. ఇప్పుడు బాంటమ్ అంటే ఒక్క జాతి కాదు. పెద్ద జాతిని తరతరాలుగా కుదించి తయారుచేసినవి కొన్ని, పెద్ద రూపమంటూ లేనివి కొన్ని. మలేషియా సెరామా అర కిలో కూడా తూగదు. సీబ్రైట్ పుంజు ఆరు వందల గ్రాములు, అటూ ఇటూ. బాంటమ్ గుడ్డు సాధారణంగా 30 నుంచి 40 గ్రాములు.

జాతిని బట్టి గుణం ఉంటుందా అంటే, ఉంటుంది, కానీ దాని వెనక తరచు శరీరమే ఉంటుంది. సిల్కీ ఈకల్లో పోచల్ని ఒకదానికొకటి పట్టి ఉంచే సన్నని కొక్కేలు ఉండవు. అందుకే ఈక దూదిలా విడిపోతుంది, ఆ రెక్కలతో ఎగరడం కుదరదు. ఎగరలేని కోడి ప్రశాంతంగా ఉందని మురిసిపోతాం గానీ, బెదిరినా దానికి ఎగిరిపోయే దారి లేదన్నది అసలు సంగతి. (దాని నల్లటి చర్మానికి కారణమైన జన్యు మార్పే మధ్యప్రదేశ్ కడక్‌నాథ్ కోడిలోనూ ఉంది. గుణంలో మాత్రం రెంటికీ పోలికే లేదు.) జపాన్ చాబో రాత్రి కూర్చునే దండెం ఎక్కదని బద్ధకమంటారు. దాని కాళ్ళు పొట్టివి, అంతే. ఆ పొట్టి కాళ్ళ జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా వస్తే పిల్ల గుడ్డులోనే చచ్చిపోతుంది. పొట్టి కాళ్ళ జతను కట్టినప్పుడు సగటున నాలుగు గుడ్లలో ఒకటి ఇలా పోతుంది. అది పొదిగే పెట్ట తప్పూ కాదు, ఇంక్యుబేటర్ తప్పూ కాదు.

సీబ్రైట్ కథ ఇంకా చిత్రం. 19వ శతాబ్దం మొదట్లో ఇంగ్లండులో సర్ జాన్ సీబ్రైట్ తయారుచేసిన ఈ జాతిలో పుంజుకు మెడ మీద వాడి ఈకలు ఉండవు, వంపు తిరిగిన తోక ఉండదు. చూడటానికి అచ్చం పెట్ట. దాని చర్మంలోనే పుంజు హార్మోను పెట్ట హార్మోనుగా మారిపోతుండటమే కారణం. ఈ పుంజుల వృషణాలు తీసేస్తే మామూలు పుంజు ఈకలు మొలుస్తాయని అమెరికా జన్యుశాస్త్రవేత్త టి.హెచ్. మోర్గాన్ 1919లోనే చూపించాడు. ఈక పెట్టది, బుద్ధి మాత్రం పుంజుదే: కూస్తుంది, కలబడుతుంది. రెండూ పెట్టలే అనుకుని జత కొన్నవాళ్ళు ఐదో నెలలో కూత విని తెల్లబోతారు. కొనేటప్పుడు ఈక చూడకండి. ఎర్రజుట్టు, మెడ కింద లోలకులు ఏ పిల్లకు ముందుగా పెరిగి ఎర్రబడ్డాయో చూడండి.

బెదురు కొంతవరకు రక్తంలోనే వస్తుంది. స్వీడన్‌లోని లిన్‌షాపింగ్ విశ్వవిద్యాలయంలో అడవి కోళ్ళ నుంచి మనిషికి తక్కువ బెదిరేవాటిని ఏరి, వాటి పిల్లల్లోంచి మళ్ళీ ఏరి, అలా తరాలు నడిపారు. ఎంచుకున్నది భయం ఒక్కటే. అయినా తరాలు గడిచేసరికి ఆ కోళ్ళు బరువెక్కాయి, పెద్ద గుడ్లు పెట్టాయి. అందుకే పెరట్లో పిల్లలు తీసేటప్పుడు రంగు బాగుందని బెదురు పుంజును ఉంచుకోవడం తెలివైన పని కాదు.

రక్తం తరవాత వరస. కోళ్ళలో ఎవరు ఎవర్ని పొడవచ్చన్న లెక్కను మొదట పద్ధతిగా రాసిపెట్టినవాడు నార్వేకు చెందిన థోర్లీఫ్ షెల్డెరుప్-ఎబ్బే. చిన్నప్పటి నుంచీ కోళ్ళను గమనిస్తూ వచ్చి, 1921లో దాని మీదే డాక్టరేట్ చేశాడు. మేత గిన్నె దగ్గర పావుగంట కూర్చుంటే ఆ వరస మీకూ కనబడుతుంది. పొడిచేది ఎవరో కాదు, తప్పుకునేది ఎవరో చూడాలి. కుదురుకున్న మందలో పైపెట్టకు పొడిచే అవసరం అంతగా రాదు. తల కాస్త ఎత్తితే చాలు, కిందిది మెడ వంచి పక్కకు జరుగుతుంది. అస్తమానం కలబడే పెట్ట వరసలో అన్నిటికన్నా పైనే ఉండాలని లేదు, మధ్యలోనూ ఉండొచ్చు. దాన్నే మనం రౌడీ అంటాం. వరస మారితే రౌడీతనమూ పోవచ్చు.

కోళ్ళు ఒకదాన్నొకటి గుర్తుపట్టేది ముఖ్యంగా తలను చూసి: జుట్టు ఆకారం, ముఖం, కుచ్చు. అందుకే ఒక సిల్కీకి స్నానం చేయించి, తడిసి నెత్తికి అంటుకుపోయిన కుచ్చుతో మందలోకి వదిలితే పాత స్నేహితులే దాన్ని పొడుస్తాయి. పూర్తిగా ఆరాకే వదలండి. జబ్బు చేసిన పెట్టను రెండు మూడు వారాలు వేరుగా ఉంచినా ఇదే తంతు. ఉంచక తప్పకపోతే ఇనప వల అవతల, మిగతావాటికి కనబడేలా ఉంచాలి.

కొత్త కోళ్ళను కలపడంలో జరిగే పొరపాటు ఎప్పుడూ ఒకటే, తొందర. ముందు 30 రోజులు దూరంగా ఉంచాలి. కొక్కెర తెగులు లాంటివి ఉంటే ఆ లోపు బయటపడతాయి. తరవాత వారం పది రోజులు వల అటూ ఇటూ. ఆపైన సాయంత్రం పూట, ఆరుబయట, రెండు మేత గిన్నెలూ రెండు నీళ్ళ గిన్నెలూ కనీసం రెండు గజాల ఎడంగా పెట్టి వదలాలి. ఒక గిన్నెను పైపెట్ట కాపలా కాసినా రెండోది ఖాళీగా ఉంటుంది. దాక్కోవడానికి ఒక రేకు ముక్కో, బోర్లించిన గంపో ఉండాలి, దానికి రెండు వైపులా దారి ఉండాలి. ఒక్క దారే ఉంటే దాక్కున్న చోటే కొత్తది చిక్కిపోతుంది. ఒంటరి కోడిని ఎప్పుడూ కలపకండి, జతగా కలపండి. గూట్లో తలా 2 చదరపు అడుగులు, దండెం మీద తలా 20 సెంటీమీటర్లు లేకపోతే ఎంత సాధు కోడైనా పొడుస్తుంది. ఒంటి మీద నెత్తురు కనిపిస్తే మాత్రం ఆ కోడిని వెంటనే తీసేయాలి, ఎరుపు చూసి మిగతావి ఆగవు.

ఇక చూపు. సిల్కీలు, టోపీ ఉన్న పోలిష్ బాంటమ్‌లు ఉలికిపడటానికి మొదటి కారణం కళ్ళ మీద పడిన కుచ్చే. పరీక్ష తేలిక: చప్పుడు చేయకుండా పై నుంచి వేలు చూపించండి. వేలు తాకేదాకా తల కదపకపోతే దానికి పై వైపు కనబడటం లేదు. కళ్ళ ముందరి ఈకల్ని మొన గుండ్రంగా ఉన్న చిన్న కత్తెరతో కత్తిరించండి. కొత్తగా మొలుస్తూ కాడ నీలంగా కనిపించే ఈకను ముట్టుకోవద్దు, అందులో నెత్తురుంటుంది. మందమతి అనిపించుకున్న కోడి మర్నాటికి మిడత వెంట పరుగెత్తుతుంది.

కోడి రెండు కళ్ళూ ఒకే పని చేయవు. కుడి కన్ను గింజకూ రాయికీ తేడా పట్టడంలో నేర్పరి, ఎడమ కన్ను ఆకాశం మీద నిఘా వేస్తుంది. గద్ద నీడ పడినప్పుడు కోడి తల ఎటు తిప్పుతుందో చూడండి. ఈ పనుల పంపకానికి పునాది గుడ్డులోనే పడుతుంది. చివరి రోజుల్లో పిల్ల కుడి కన్ను పెంకు వైపూ ఎడమ కన్ను ఒంటి వైపూ ఉండేలా ముడుచుకుంటుంది, పెంకు గుండా వచ్చే వెలుతురు కుడి కంటికే తగులుతుంది. ఆస్ట్రేలియా శాస్త్రవేత్త లెస్లీ రోజర్స్ బృందం 2004లో రెండు రకాల పిల్లల్ని పోల్చింది. గుడ్డులో వెలుతురు తగిలినవి గులకరాళ్ళలో గింజలేరుతూనే పై నుంచి వచ్చే గద్ద బొమ్మను కనిపెట్టాయి. చీకట్లో పొదిగినవి రెండు పనులూ ఒకేసారి చేయలేక తడబడ్డాయి. పొదిగే పెట్ట రోజూ మేతకు లేచినప్పుడు గుడ్లకు వెలుతురు దానంతటదే తగులుతుంది. ఇంక్యుబేటర్ వాడేవాళ్ళు చివరి మూడు రోజులు అద్దం మీద గుడ్డ కప్పకుండా గదిలో వెలుతురు ఉంచితే చాలు.

నిన్నటిదాకా చేతి మీద నూకలు తిన్న పెట్ట ఇవాళ బుసకొట్టి పొడిచిందంటే అది గుణం మారడం కాదు, గుడ్ల మీద కూర్చోబెట్టే ప్రొలాక్టిన్ అనే హార్మోను. పొదుగుకు కూర్చున్న పెట్ట రొమ్ము ఈకలు పీక్కుంటుంది, పళ్ళెంలా పరుచుకుంటుంది, రోజుకొకసారి లేచి దుర్వాసనతో పెద్ద రెట్ట వేస్తుంది, జుట్టు వెలిసిపోతుంది. సిల్కీ, కొచ్చిన్ ఏడాదిలో పలుమార్లు కూర్చుంటాయి, సీబ్రైట్ అరుదు. పొదగనిచ్చేట్టయితే దాని సొంత గుడ్లు ఆరేడు, నాటు కోడి గుడ్లయితే నాలుగైదు. అంతకు మించితే అంచు గుడ్లు చల్లబడతాయి. నాటు గుడ్లకు 21 రోజులు, బాంటమ్ గుడ్లు ఒకటి రెండు రోజులు ముందే పగలొచ్చు. పొదగొద్దనుకుంటే అడుగు ఇనప వలతో, నేల నుంచి ఎత్తుగా ఉన్న బోనులో మూడు నుంచి ఐదు రోజులు పెట్టండి. గడ్డి వేయకండి, మేతా నీళ్ళూ నిండుగా ఉంచండి. పొట్ట కింద గాలి ఆడి చల్లబడితే ఆ మూడ్ విరిగిపోతుంది. నీళ్ళలో ముంచే పాత పద్ధతి కోడిని బెదరగొట్టడం తప్ప ఎందుకూ పనికిరాదు.

పుంజు గుణం ఐదు నుంచి ఏడు నెలల మధ్య తేలుతుంది. చిన్నప్పటి నుంచి ఒళ్ళో పెంచిన పుంజే పెద్దయ్యాక మనిషి మీదికి దూకడం మామూలు. దానికి మనిషంటే భయం లేదు, సాటి పుంజుగా చూస్తుంది. ఒక రెక్క నేలకు దించి పక్కగా గుండ్రంగా అడుగులేసిందంటే కయ్యానికి పిలుపు. తన్నితే పందెం ఒప్పుకున్నట్టు, పరుగెత్తితే ఓడిపోయినట్టు. కదలకుండా నిలబడి, తరవాత మెల్లగా పట్టి చంకలో పెట్టుకుని పెరడంతా నాలుగైదు నిమిషాలు తిప్పండి. కొన్ని మారతాయి, కొన్ని మారవు. మారనివాటిని చిన్నపిల్లలున్న ఇంట్లో ఉంచకూడదు, దాని కాలి ముల్లు తగిలేది పిల్లల కంటి ఎత్తులో.

మంచి పుంజు మేత దొరికితే గింజను ముక్కుతో ఎత్తి, జారవిడిచి, మళ్ళీ ఎత్తి 'టుక్ టుక్ టుక్' అని పెట్టల్ని పిలుస్తుంది. ఆస్ట్రేలియాలోని మాక్వారీ విశ్వవిద్యాలయంవాళ్ళు గమనించిన ఒక సంగతి బాగుంటుంది: పెద్ద పుంజు దగ్గర్లో ఉన్నప్పుడు చిన్న పుంజు ఆ తల ఆడించడమంతా చేస్తుంది, కానీ నోరు మెదపదు. పెట్టకు కనబడాలి, పెద్దాయనకు వినబడకూడదు. తెల్లవారు కూతలోనూ ఇదే మర్యాద. ముందు పైపుంజు, తరవాత వరస ప్రకారం మిగతావి కూస్తాయని జపాన్ పరిశోధకులు 2015లో చూపించారు.

ఇవన్నీ తీసేశాక మిగిలిన గుణాన్ని కొలవాలంటే ఒక రంగు ప్లాస్టిక్ గ్లాసూ ఫోన్లో స్టాప్‌వాచీ చాలు. పొద్దున మేతకు ముందు, ఒక్కో కోడిని తోడు కోడి వల అవతల కనబడేలా ఉంచండి. పూర్తిగా ఒంటరి చేస్తే మీరు కొలిచేది ఒంటరితనం భయాన్ని. గ్లాసు పక్కనే గుప్పెడు సజ్జలు పోసి, మూడు గజాలు వెనక్కి జరిగి, అడుగు దూరంలోకి రావడానికి ఎన్ని సెకన్లు పట్టిందో రాయండి. పది నిమిషాలకూ రాకపోతే 600 అని రాసి ఆపేయండి. మర్నాడు గ్లాసు బదులు ఇంకేదైనా, మూడోనాడు మరొకటి. పాత వస్తువే పెడితే అలవాటును కొలిచినట్టవుతుంది. మూడు రోజులూ కోళ్ళ క్రమం దాదాపు అదే వస్తే అది గుణం. ఒక్క కోడి అంకె మాత్రం విపరీతంగా మారితే ముందు దాన్ని వంటింటి కాటా మీద పెట్టండి. ఆరు వందల గ్రాముల పెట్టకు అరవై తగ్గడమంటే పదో వంతు పోయినట్టే. పొద్దున్నే మెడ కింద మేత సంచి తడిమి చూడండి, అప్పటికి ఖాళీగా ఉండాలి. ఈకలు రాల్చే నెలల్లో, నోరు తెరిచి రెక్కలు ఒంటికి ఎడంగా పెట్టుకునే మే నెల ఎండల్లో ఈ పరీక్ష పెట్టవద్దు. అప్పుడు ఆరింటికీ 600 వస్తుంది.